కూడలిలో కైంకర్యము

మెదకు పట్టణము నడుమ రాందాసు చౌరస్తా యను కూడలి కలదు. ఊరిలో ఏ యుత్సవము జరిగినను దాని సందడి యొక గడియయైనను అచ్చట వినబడక మానదు. వినాయక నిమజ్జనపు బండ్లు, బతుకమ్మల నెత్తుకొని చెరువునకు పోవు ఆడువారు, శ్రీరామనవమినాటి భక్తులు, మహాశివరాత్రికి మంజీరాతీరమున ఏడుపాయల జాతరకు పోవు యాత్రికులు, అందరును ఆ పరిసరములలో ఒకమారు నిలిచి ఊపిరి పీల్చుకొందురు. 2016లో మెదకు జిల్లాకేంద్రమైన తరువాత జనసమ్మర్దము మరింత హెచ్చినది. వేసవి రాగానే ఆ దారుల వెంబడి పందిళ్ళు వెలయును. వాటిక్రింద తడిగుడ్డ చుట్టిన రంజనులలో మంచినీరు నింపి, వచ్చినవారికి వచ్చినట్లు పోయుదురు. ఈ వ్యాసమునకు కారణము అట్టి చలివేంద్రములలో ఒకటి. ఇందు కొంత శాస్త్రము, కొంత నా తప్పు కలసియున్నవి. పాఠకమహాశయులు రెంటిని ఓర్పుతో చదువ ప్రార్థన.

మన స్మృతులు ధర్మకార్యములను ఇష్టమనియు, పూర్తమనియు రెండు తెగలుగా చెప్పినవి. యజ్ఞయాగాదులు ఇష్టము. బావులు, చెరువులు త్రవ్వించుట, దేవాలయములు కట్టించుట, తోటలు నాటించుట, అన్నము పెట్టుట పూర్తము. దప్పిగొన్న బాటసారికి నీరందించు ప్రప, అనగా మన చలిపందిరి, ఈ రెండవ తెగలోనిదే. ఇష్టమునకు అధికారి నియమము కలదు. దీక్ష, మంత్రము, ఋత్విక్కులు కావలెను. పూర్తమునకు అట్టి నియమము లేదు. అది సర్వవర్ణములకును సామాన్యమని స్మృతికారులే అంగీకరించిరి. ఈ వాక్యార్థమును నేను విద్యార్థులకు ఎన్ని పర్యాయములు చెప్పియుంటినో లెక్కలేదు. చెప్పుట వేఱు, కూడలిలో నిలబడినపుడు జ్ఞాపకముండుట వేఱు.

మెదకు అను పేరు మెతుకునుండి వచ్చినదని జనవాక్యము. ఈ ప్రాంతమును మెతుకుసీమ యనుట వాడుక. అన్నముతో ముడిపడిన మరియొక కథను ఊరివారు మతభేదము లేక చెప్పుకొందురు. ఇచ్చటి పెద్ద చర్చి నిర్మాణము 1914లో మొదలై, 1924 డిసెంబరు 25వ తేదీన ప్రారంభోత్సవము జరిగినది. దానిని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మతాచార్యుడు, కరవునకు తాళలేక వచ్చినవారికి పని కల్పించి, ఆ పనికి అన్నము పెట్టెనని ప్రసిద్ధి. మన సంప్రదాయము వేరైనను, ఆకలిగొన్నవానిని యాచకునిగా నిలబెట్టక పనివానిగా నిలబెట్టుటలోని గౌరవమును మనము గుర్తింపవలదా?

ఇక కైంకర్యమను మాట. శ్రీవైష్ణవ గృహములలో దీనిని దినమునకు పదిమార్లు పలుకుదుము. పుష్పకైంకర్యము, తీర్థకైంకర్యము, దీపకైంకర్యము అని పేర్లు పెట్టుదుము. ఈ పదమునకు మూలము కింకర శబ్దము. “కిం కరోమి”, ఏమి చేయుదును, అని యడుగువాడు కింకరుడని పెద్దలు వివరింతురు. అట్టివాని భావమును, అతని పనియు కైంకర్యము. ఇందు గమనింపదగిన దేమన, కింకరుడు తానే యొక పని నెంచుకొని “ఇది నాది” అని కూర్చుండువాడు కాడు, ముందుగా అడుగువాడు. అరణ్యమునకు బయలుదేరునపుడు లక్ష్మణస్వామి ధనుస్సుతోబాటు త్రవ్వు పనిముట్టును, గంపను మోసికొని ముందు నడతునని శ్రీరాముని వేడుకొనెనని వాల్మీకి మహర్షి చెప్పినాడు. పంచవటిలో పర్ణశాలకు స్థలము చూడుమని రాముడనగా, నేను పరాధీనుడను, ఇచ్చట కట్టుమని నీవే యానతిమ్మని బదులు చెప్పెను. మట్టిపనియైనను సరే, అది చెప్పించుకొని చేయవలెనని ఆయన కోరిక.

పలువురు కలసి చేయు పనిలో పనులు పంచుకొనుట యెట్లో తెలియవలెనన్న శ్రీమద్భాగవతము దశమస్కంధములోని రాజసూయ ఘట్టమును చదువవలెను. ధర్మరాజు యాగమునకు బంధువులందరును వచ్చిరి. భీముడు వంటశాలను చూచుకొనెను. సహదేవుడు వచ్చినవారిని సత్కరించెను. నకులుడు కావలసిన సంభారములను సమకూర్చెను. అర్జునుడు పెద్దలకు శుశ్రూష చేసెను. ద్రౌపది వడ్డించెను. కర్ణుడు దానములిచ్చెను. ధనము సుయోధనుని చేతిలో నుండెను. శ్రీకృష్ణుడో, వచ్చినవారి పాదములు కడిగెను. మన పట్టణములలో ఉత్సవసంఘములు వ్రాసికొను పనుల పట్టికకు దీనికిని భేదమేమున్నది? ఒక్క భేదము కలదు. మన పట్టికలో ఘనుడైనవానికి వేదిక. అచ్చట ఘనులలో ఘనుడైనవానికి నీళ్ళచెంబు.

అదే యాగమున సుయోధనుని గతి చూడుడు. మహాభారతము సభాపర్వమున అతనికి రాజులు తెచ్చు కానుకలను స్వీకరించు పని. విశ్వాసముంచి అప్పగించిన పని. అతడు దానిని చక్కగానే చేసెను. కాని యింటికి పోయి తండ్రియెదుట, వచ్చిన ధనమును పుచ్చుకొని పుచ్చుకొని నా చేతులు అలసినవని చెప్పుకొని కుమిలిపోయెను. చేసినది సేవ, మిగిలినది అసూయ. ఈ సందర్భమున ఒక మాట. ఈ నడుమ కొన్ని చలివేంద్రములకు పందిరికంటె ఫ్లెక్సీ పెద్దదిగా నుండుచున్నది. అందు దాతల ముఖములు, పదవులు. క్రింద కుండలో నీరు లేదు. ఫ్లెక్సీ నీడలో నిలబడినవానికి నీడయైన దొరకినదని సంతసింపవలెను కాబోలు!

నా సంగతికి వత్తును. కొన్నియేండ్లక్రితము శ్రీరామనవమినాడు ఆ కూడలికి దాపున పానకము, వడపప్పు పంచు పందిరి వేసిరి. పెద్దవాడనని దాని పెత్తనము నాకిచ్చిరి. పది గంటల వేళ పదునైదేండ్ల పిల్లవాడొకడు వచ్చెను. ఏదో మోటారుసైకిళ్ళ దుకాణములో పని నేర్చుకొనుచున్నవానివలె నుండెను. కడిగికొన్నను చేతుల గీతలలో నల్లని నూనె మరక పోలేదు. “అయ్యగారూ, నేనేం జెయ్యాలె?” అని యడిగెను.

నేను వాని ముఖమును చూడలేదు. చేతులను చూచితిని. “నువ్వెవరి పిల్లగానివి? ఏ గల్లీ?” అంటిని. వాడు చెప్పెను. చెప్పినది విని, “ఇక్కడ మనుషులున్నరులే, నువ్వు పక్కన నిలబడు” అంటిని. మరకను సాకుగా చెప్పుకొనవచ్చును. కాని మరకకైనచో సబ్బు చూపవలెను గాని గల్లీ యడుగుట యెందులకు? వాడు చేతులు వెనుకకు పెట్టుకొని కొంతసేపు నిలబడెను. తరువాత కనబడలేదు. పానకమును త్రాగలేదు.

మధ్యాహ్నము కల్యాణము ముగిసి జనము ఒక్కుమ్మడి వచ్చెను. పోయువారము నలుగురము. వరుస చెదరినది, బిందె యొకటి ఒరిగినది, నేలయంతయు బెల్లపునీటితో జిగటయైనది. ఒక ముసలమ్మ గ్లాసు చాచి చాచి, అందక వెడలిపోయినది. నేను చెప్పిన ఆ “మనుషులు” అప్పటికి భోజనములకు పోయియుండిరి.

ఇంటికి వచ్చి మా యింటి యామెతో ఇదంతయు చెప్పి, నన్ను నేను సమర్థించుకొంటిని. కైంకర్యమును ఎవరిచేతను చేయించరాదనియు, అనంతాళ్వారులే ఇతరులకు పాలు పంచలేదనియు ప్రమాణము చూపితిని. ఆమె బియ్యము చెరుగుట మానలేదు. “ఆ కథ నలభై ఏండ్ల నుంచి చెప్తున్నరు గదండీ. గునపం దెబ్బ ఎవరికి తగిలింది?” అని మాత్రము అడిగినది.

కథ పాఠకులకు తెలియనిది కాదు. భగవద్రామానుజుల యాజ్ఞచే అనంతాళ్వారు తిరుమలకు వచ్చి పూలతోట వేసెను. తోట నీటికై చెరువు త్రవ్వుచు, గర్భిణియైన భార్యచే మన్ను మోయించెను. ఒక బాలుడు వచ్చి నేనును మోయుదునన్నాడు. ఇది గురువాజ్ఞ, పరులు చేయి పెట్టరాదని ఆయన పొమ్మన్నాడు. బాలుడు చాటున ఆ తల్లి గంపను అందుకొనసాగెను. అది కనిపెట్టి ఆయన గునపము విసరెను. బాలుని గడ్డము చిట్లినది. పిదప ఆలయమున చూడగా నెత్తురు స్వామివారి గడ్డమున నుండెను. అందుకే నేటికిని శ్రీవారి చుబుకమున పచ్చకర్పూరము; మహాద్వారమువద్ద ఆ గునపము.

ఈ కథను ఆళ్వారు నిష్ఠకు నిదర్శనముగా చెప్పుట పరిపాటి. అది తప్పు కాదు. కాని “నేనును మోయుదును” అని వచ్చినవాడు స్వామి. పొమ్మనిపించుకొన్నవాడును స్వామియే. నిష్ఠ ఎంతటిదైనను, అది తోడువచ్చినవానిని త్రోసివేయునప్పుడు దెబ్బ ఎచ్చట తగులునో మహాద్వారమున వ్రేలాడుచునే యున్నది. నేను అన్నియేండ్లు గునపమువైపు నిలబడి కథ చెప్పితిని. ఆ రామానుజులే కావేరికి పోవునపుడు బ్రాహ్మణశిష్యుని చేయూత గొని, స్నానము చేసి మరలునపుడు ధనుర్దాసుని చేయి పట్టుకొని వచ్చెడివారని గురుపరంపర చెప్పుచున్నది. ధనుర్దాసు మల్లుడు, బ్రాహ్మణుడు కాడు. స్నానానంతరము ఆ చేయి! నేను వెదకిన ప్రమాణము నా యింటి అలమరలోనే యుండెను.

వారము దాటిన పిదప ఆ దుకాణమును వెదకి పట్టుకొంటిని. పిల్లవాడు చక్రము విప్పుచుండెను. నేను చెప్పదలచినది నాలుగు మాటలు. నోట రెండే వచ్చినవి. “అదేం లేదులే అయ్యగారూ” అని వాడు తల యెత్తకయే యనెను. మరచిపోయినట్లు నటించి నన్ను కాచినాడని నాకు తెలియును. కొంత తడవునకు, “ఎండలు ముదిరినయి. నీళ్ళ పందిరి ఏస్తరా?” అని తానే యడిగెను.

అది మొదలు ఏటేట వేయుచున్నాము. నడపువాడు అతడే, ఇప్పుడు స్వంత దుకాణము కలవాడు. పెట్టిన కట్టుబాట్లును అతనివే. రంజనులను ప్రతి సాయంకాలము వంచి, తోమి, బోర్లించవలెను. నీటిని పలుచని గుడ్డతో వడగట్టవలెను. కుండలో గ్లాసు ముంచరాదు. పొడవు కాడ గరిటెతోనే తీసి పోయవలెను. పందిరి బస్సులు తిరుగు మలుపున గాక, కొంచెము ఎడముగా నుండవలెను. ఒలికిన నీరు వ్యర్థము గాక తొట్టిలోనికి పోవలెను. దానిని పశువులు త్రాగును. శనివారములలో పలుచని మజ్జిగ. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తులవారు వేసవి అతిథులకు నీరుచల్ల పోసిరని నేను చెప్పగా ఆ శనివారపు మజ్జిగ ఏర్పాటైనది. అందు నా పాలు అంతవరకే. కాలేజీ పిల్లలు, కూరగాయలమ్ము స్త్రీలు, ఒక విశ్రాంత కండక్టరు వంతులవారీగా వత్తురు. ఎవరి గల్లీని ఎవరును అడుగరు.

తిరుమలలో 2000వ సంవత్సరమున శ్రీవారి సేవ ప్రారంభమైనప్పటినుండి మన ఊళ్ళనుండి జట్లుజట్లుగా పోయి అచ్చట వరుసలలోని భక్తులకు నీరు, అన్నము అందించి వచ్చువారు ఎందరో కలరు. వారి భాగ్యమును కొనియాడుదును. తిరిగి వచ్చి బస్సు దిగినచోటనే నాలుగడుగుల దూరమున ఖాళీ కుండను చూచి తప్పుకొని పోవువారు మాత్రము నాకు అర్థము కారు.

నిరుడు వేసవిలో నా మోకాళ్ళు నిలబడుటకు సహకరింపలేదు. అతడు బల్లయొకటి వేసి, నాకు గ్లాసులు కడుగు పని అప్పగించినాడు. శ్రీకృష్ణుడు రాజసూయమున ఏరికోరి తీసికొన్నది ఇట్టిదే గదా యని నేను కొంచెము గర్వముగనే అంటిని. “ఆయన కాళ్ళు గడిగిండు, మీరు గ్లాసులే గదా అయ్యగారూ” అని యతడు నవ్వెను. ఇంతలో ఏడుపాయలనుండి వచ్చిన బస్సు ఆగినది. పిల్లలు, ముసలివారు, చంకన బిడ్డలున్న తల్లులు దిగుచుండిరి. కడిగిన గ్లాసులు పండ్రెండే యున్నవి.