చింతింపకుడి

పాఠ్యభాగము: మత్తయి సువార్త 6:25–34. మొదట బైబిలు తెరచి ఈ వచనములను నెమ్మదిగా చదివి, పిమ్మట ఈ పాఠము చదువవలెనని కోరుచున్నాము.



ఈ భాగమును మేము అనేక పర్యాయములు ప్రసంగించితిమి. ఆకాశపక్షులు, అడవిపువ్వులు అనగానే వినువారి ముఖములు తేటపడును. ప్రసంగించువానికి కూడ అది సులువైన భాగమే. అయితే 2022వ సంవత్సరారంభమున ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, మా సంఘములోని ఒక కౌలు రైతు గుమ్మమునొద్ద నిలిచి, తువ్వాలు చేతిలో నలుపుచు, "అయ్యగారూ, పక్షులకు అప్పు లేదు గదండీ" అని ఒక్క మాట అని వెళ్లిపోయెను. 2021 చివర నల్ల తామరపురుగు మిరపతోటలను ఎట్లు పాడుచేసెనో మీలో అనేకులకు తెలియును. పూత మీదనే పైరు పోయెను. కౌలు మాత్రము కట్టవలసినదే, నూటికి మూడు రూపాయల వడ్డీ మాత్రము నెలనెలా పెరుగవలసినదే.

ఆ దినమున మాయొద్ద జవాబు లేదు. "ప్రార్థన చేయుదుము" అని చెప్పి, ఇంటికి వచ్చి భోజనము చేసితిమి. దీనిని వ్రాయుటకు సిగ్గుపడుచున్నాము, అయినను వ్రాయకపోయిన యెడల ఈ పాఠము అబద్ధమగును.

అతడు అడిగినది అవిశ్వాసపు ప్రశ్నయా? కాదని మా అభిప్రాయము. పక్షులను చూపిన ప్రభువునకు అప్పులనుగూర్చి బాగుగా తెలియును. అదే ఆరవ అధ్యాయములో ఆయన నేర్పిన ప్రార్థనయందు పాపమునకు బదులుగా ఋణమను మాటను వాడెను. పదునెనిమిదవ అధ్యాయములో అప్పు తీర్చలేని దాసుని, వాని భార్యాబిడ్డలతో సహా అమ్మవలెనని ఆజ్ఞయైన ఉపమానము చెప్పెను. ఇరువదవ అధ్యాయములో సాయంకాలమువరకు సంతవీధిని కూలికై కనిపెట్టుకొనియున్నవారిని చూపెను. లూకా పదునారవ అధ్యాయములో నూరు మణుగుల నూనె బాకీయున్నవాడు, నూరు తూముల గోధుమలు బాకీయున్నవాడు కనబడుదురు. గలిలయ కొండమీద ఆయన యెదుట కూర్చున్నవారు పన్నులు కట్టలేనివారు, వలలు ఖాళీగా లాగినవారు, దినకూలివారు. కడుపునిండినవారికి చెప్పిన నీతివాక్యము కాదిది.

ఇక చింత అను మాటను చూతము. మన తెలుగులో చింత అనగా విచారము, చింతన అనగా ఆలోచన. ఈ రెండును దగ్గర మాటలగుటచేత, ప్రభువు ఆలోచననే నిషేధించెనని కొందరనుకొందురు. విత్తనము దాచుకొనుట అవిశ్వాసమనియు, పంటకు బీమా కట్టుట అవిశ్వాసమనియు వాదించినవారిని మేము చూచితిమి. గ్రీకు మూలమందలి మాటకు మనస్సు పలువైపుల చీలిపోవుట అను భావము కలదని మాకు వేదపాఠశాలలో నేర్పిరి. లూకా 10:41లో మార్తనుగూర్చి ప్రభువు వాడినదియు అదే మాట. అయితే ఇచ్చట ఒక విశేషమున్నది. ఫిలిప్పీయులకు 4:6లో దేనినిగూర్చియు చింతపడవద్దని వ్రాసిన పౌలే, దానికి ముందు 2:20లో తిమోతి ఆ సంఘస్థుల క్షేమమునుగూర్చి పట్టించుకొనుటను మెచ్చుకొనుచు, గ్రీకులో అదే మాటను వాడెను. ఒకని మనస్సును చీల్చు చింత వేరు, పొరుగువానికొరకు వహించు చింత వేరు. మొదటిదానిని మానుమనెను, రెండవదానిని మెచ్చుకొనెను.

పక్షులు విత్తవు, కోయవు. అది నిజమే. అయినను పిచ్చుక నోరు తెరచుకొని గూటిలో కూర్చుండదు, తెల్లవారకమునుపే గింజకై బయలుదేరును. యోసేపు ఏడు సమృద్ధి సంవత్సరములు పంటలో అయిదవ భాగము కొట్లలో వేయించెను, దానిని దేవుడే అతనికి తెలియజేసెను (ఆదికాండము 41). నిర్గమకాండము 16వ అధ్యాయములో తలకొక ఓమెరు చొప్పున మన్నా కూర్చుకొనుమని ఆజ్ఞ. మరునాటికి దాచుకొన్నది పురుగుపట్టి కంపుకొట్టెను. ఆరవదినమున రెండంతలు కూర్చి విశ్రాంతిదినమునకు దాచుకొన్నదో, చెడలేదు. కావున దాచుకొనుట తప్పు కాదు, రేపు తండ్రి యుండడేమో అను భయముతో దాచుకొన్నదే కుళ్లిపోయెను.

మన ప్రాంతపు సంఘచరిత్రలో దీనికొక సాక్ష్యమున్నది. 1876 మొదలుకొని 1878 వరకు దక్షిణదేశమును పాడుచేసిన కరువును పెద్దలు ధాత కరువని చెప్పుకొందురు. అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారుండిరి. ఆ మిషను తెలుగుదేశమున చాలకాలము ఫలము లేక, మూసివేయుదమా అని అమెరికాలో చర్చించుకొన్న మిషను. 1854 జనవరి 1న జూయెట్ దొరగారును మరి కొందరును ఒంగోలు కొండమీద మోకరించి ప్రార్థించిన పిమ్మట పండ్రెండేండ్లకు గాని అక్కడికి కాపురమునకు మిషనరీ రాలేదు. ఇప్పుడు ఆ పల్లెల విశ్వాసులే ఆకలితో చచ్చుచుండిరి.

క్లౌ దొరగారు ప్రార్థించిరి. ప్రార్థించి, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టు తీసికొనిరి. యౌవనమందు అమెరికాలో భూములు కొలుచు సర్వే పని నేర్చినవారగుటచేత ఆ పని వారికి చేతనయ్యెను. బోధకులే మేస్త్రీలుగా నిలిచిరి. పలుగు, పార, తట్ట పట్టుకొని వేలకొలది జనులు కూలి సంపాదించుకొని బ్రదికిరి. ఆకాశమునుండి రొట్టె దిగిరాలేదు. అయినను ఆ తట్టలలోని మట్టికి వచ్చిన కూలియే వారికి మన్నా అయ్యెను.

ఇందులో మేము మరి యెక్కువగా గౌరవించు సంగతి వేరొకటి. కరువుకాలమందు అనేకులు బాప్తిస్మము కోరి వచ్చినను, అన్నముకొరకు వచ్చిరని యెవరును అనకుండునట్లు, క్లౌ దొరగారు నెలల తరబడి బాప్తిస్మమియ్యలేదు. సహాయము ముగిసిన పిమ్మటనే ఇచ్చిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ముందు గంజి, తరువాత నీళ్లు. ఆ రెంటిని కలిపి బేరము చేయలేదు.

మరల మన పాఠ్యభాగమునకు వచ్చెదము. చింతింపకుడి. ఆ మాట చివరి రెండక్షరములను గమనించుడి. చింతింపకుము అని ఒక్కనితో చెప్పలేదు, చింతింపకుడి అని పలువురితో చెప్పెను. గ్రీకులోను అది బహువచనమే. మీ తండ్రికి తెలియును అన్నప్పుడును అట్లే. ప్రార్థనలో అడుగునది మా ఆహారము, నా ఆహారము కాదు. మేమైతే పలువురికి చెప్పిన మాటను ఒంటరివాని నెత్తిమీద పెట్టి, మోయుమని పంపివేసితిమి. అతడు చీలిన మనస్సుతో రాగా, అతనికి మరియొక భారముగా, చింతించితివను నేరమును కూడ ఎత్తితిమి.

మూడవనాడు సంఘపెద్దలిద్దరిని వెంటబెట్టుకొని అతని ఇంటికి వెళ్లితిమి. అప్పు యెంతో అతని భార్యకు కూడ తెలియదు. పెట్టె అడుగున దాచిన ప్రోనోట్ల నకళ్లు తీసి, పెద్దలలో ఒకరు కాగితము మీద వ్రాసి, పైకి చదివిరి. ఆమె కొంగు నోటికడ్డము పెట్టుకొని యేడ్చెను. మేము ప్రార్థన చేసినది ఆ తరువాతనే. చిన్న సంగతులే జరిగినవి. ఒక పెద్ద షావుకారునొద్దకు వెళ్లి మాటలాడగా వడ్డీలో కొంత తగ్గెను. మరుసటి యేట మిరప మాని తక్కువ పెట్టుబడి పైరు వేయుటకు ఒప్పించితిమి. బాకీలో కొంత నేటికిని నిలిచియున్నది. అయితే పురుగుమందు డబ్బా తన మంచము క్రింద ఉంచుకొని మూడు రాత్రులు నిద్రపోలేదని అతడు తరువాత మాకు చెప్పెను.

అందుచేత ఒక మాట స్పష్టముగా వ్రాయుచున్నాము. మీ వీధిలో ఎవరైనను అన్నము మానినను, మాట మానినను, చావునుగూర్చి మాటలాడినను, వారిని ఒంటరిగా విడువకుడి. మందు డబ్బాలను ఇంటనుండి తీసివేయుడి. వైద్యునియొద్దకు తీసికొనిపోవుటకు సిగ్గుపడకుడి. ఇట్టివారిని పాపులని గద్దింపకుడి. 1 రాజులు 19వ అధ్యాయములో ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చుండి చావును కోరుకొనగా, దేవుడు ముందుగా అతనికి బోధింపలేదు. నిద్రపోనిచ్చెను. దూతచేత నిప్పులమీద కాల్చిన అప్పము, బుడ్డితో నీళ్లు పంపెను. మరల నిద్రపోనిచ్చి మరల తినిపించెను. ఆ మెల్లని స్వరము అనేక దినముల ప్రయాణమైన తరువాతనే వినబడెను.

ఈ నెల గృహప్రార్థన కూటములలో మత్తయి 6వ అధ్యాయముతో కూడ గలతీయులకు 6:1–5, 1 పేతురు 5:6–7 చదువుడి. చదివిన పిమ్మట ఎవరికి ఏ భారమున్నదో చెప్పుకొనుటకు సమయమియ్యుడి. చెప్పినది ఆ గుమ్మము దాటి రచ్చబండకు పోకూడదు. ఈ విషయమందు మన సంఘములకు మంచి పేరు లేదని చెప్పక తప్పదు.

మా సంఘములో స్త్రీలు పూటపూటకు తీసియుంచు పిడికెడు బియ్యమును మునుపు పండుగ ఖర్చుకు అమ్మెడివారము. 2022 జూన్ మొదలుకొని, ఏరువాక నుండి పంట ఇంటికి వచ్చువరకు, ఆ బియ్యము పొయ్యి రాజని ఇండ్లకు మొదట పోవలెనని పెద్దలు తీర్మానించిరి. ఏ ఇంటికి ఎన్ని శేర్లు పోవునో పైకి చదువము. దాని లెక్క వ్రాయునది ఆ కౌలు రైతు భార్యయే.