ఒకఫొ: ఒక యింటిపేరు కథ

ఒకనాడు తరగతిలో ఆంగ్ల వార్తాపత్రిక చదివించుచుండగా ‘ఒకాఫర్’ అను పేరు వచ్చినది. చదివిన బాలుడు చివరి రేఫమును గట్టిగా పలికెను. మేమును దిద్దలేదు, మాకును అట్లే తెలిసియుండెను. తరువాత విచారింపగా అందరమును తప్పు పలికితిమని తేలినది. ఆ దిద్దుబాటే యీ పాఠము.

ఈ పేరు పశ్చిమాఫ్రికాయందలి నైజీరియా దేశమున, ఆగ్నేయ భాగమున నివసించు ఇగ్బో జనులది. వారి సంప్రదాయమున వారమునకు నాలుగే దినములు: ఎకె, ఒరియె, అఫొ, న్‌క్వొ. ఇట్టి వారములు ఏడు చేరిన 28 దినముల మాసమగును. ఊళ్ల సంతలు ఈ దినములనుబట్టియే జరుగును. మనకు ఆదివారపు సంత యెట్టిదో, న్నెవి పట్టణమువారికి న్‌క్వొ సంత అట్టిది.

బిడ్డ పుట్టిన దినమునుబట్టి పేరిడుట వారి ప్రాచీనాచారములలో నొకటి. అఫొనాడు పుట్టిన మగబిడ్డ ఒకఫొ, ఆడుబిడ్డ మ్‌గ్బఫొ. తక్కిన దినములలో పుట్టిన మగవారు వరుసగా ఒకెకె, ఒకొరియె, ఒకొన్‌క్వొ. చినువా అచెబె 1958లో ప్రకటించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ అను నవలలో కథానాయకుని పేరు ఒకొన్‌క్వొ. అనగా న్‌క్వొనాడు పుట్టినవాడని యర్థము.

మరి ఒకఫొ చివర రేఫమెక్కడిది? ఇగ్బో పదము రేఫముతో ముగియదు. దక్షిణ ఇంగ్లండువారు పదాంత రేఫమును వ్రాయుదురే కాని సాధారణముగా పలుకరు. ఆ వ్రాతపద్ధతి యీ పేరున కంటుకొని నిలిచినది. అచెబె తన నవలలో ఈ పేరుగల మల్లునొకని చెప్పినపుడు రేఫము లేకయే వ్రాసెను.

మన లిపిలో ‘ఒకఫొ’ అని వ్రాయవచ్చును. మూడును హ్రస్వములే. ఫకారమును ‘కాఫీ’లో వలె పలుకవలెను. ఒకారమును మన ఒకారముకంటె నోరు కొంత విప్పి పలుకవలెను. ఇగ్బోలో ఒకారములు రెండు. విప్పిన దానికి క్రింద చుక్క పెట్టుదురు. పత్రికలలో ఆ చుక్క తరచుగా లోపించును. పైగా స్వరముల హెచ్చుతగ్గులచే అర్థము మారును. ‘అక్వ’ అను మాటయే స్వరభేదముచే ఏడుపు, వస్త్రము, గ్రుడ్డు, మంచము అని నాలుగు తీరుల నర్థమిచ్చును. కావున లిపి త్రోవ చూపును; ఉచ్చారణమును ఆ భాష మాటాడువారి నోటనే వినవలెను.

పూర్వము ఇగ్బోవారు తన పేరు వెనుక తండ్రి పేరు చెప్పుకొనెడివారు. ఆంగ్లేయుల పాలనకాలమున బడులు, చర్చీలు, కచేరీలు పట్టీలలో వ్రాయగా, ఆ తండ్రి పేరే వంశమునకు స్థిరమైన యింటిపేరాయెను. కావున నేటి ఒకఫొ ఏనాడైనను పుట్టియుండవచ్చును. అఫొనాడు పుట్టినవాడు అతని పూర్వుడు.

ఇది దూరదేశపు ముచ్చటయని తలపకుడు. మనమున్న తమిళ సీమలో క, గలకు లిపియం దొకే యక్షరము. గోపయ్యను కోపయ్యయని చదివినను పట్టీ తప్పనదు. మన యింటిపేరు పొడియక్షరమై ముందు నిలుచును. ఆ యక్షరము వెనుక నున్న మాట యేదో చెప్పలేని పిల్లలను మేమేటేట చూచుచున్నాము. తల్లిదండ్రులు దీనిని గమనింపవలెనని మనవి.

అభ్యాసము: మీ యింటిపేరు పూర్తిగా తెలుగున వ్రాయుడు. అది ఊరి పేరో, వృత్తి పేరో, పూర్వుని పేరో అవ్వతాతల నడిగి తెలిసికొనుడు. పిమ్మట మీ ప్రక్క కూర్చుండు తమిళ బాలుని పేరు అతడు పలికినట్లే పలుకుడు. తప్పైన దిద్దుమని యతనినే కోరుడు.