బరువు సైకిలుకు కరెంటు బలం – నడిమి మోటారు పద్ధతిపై ఒక పరిశీలన

మన కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాల్లో బరువు సైకిలు ఎరుగని ఊరు లేదు. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు, ఇనుప రాడ్ల బ్రేకులు, వెనుక వెడల్పాటి క్యారియరు, రెండు కాళ్ళ స్టాండు – ఇదీ దాని రూపం. తెల్లవారుజామున పాలక్యాన్లు మోసేది అదే, గీత కార్మికుని కల్లు కుండలను మోసేది అదే. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గు బాయిల్లో షిఫ్టుకు పోయే కార్మికుని, సిరిసిల్లలో నూలు మూటను ఒక తరం పాటు మోసింది కూడా అదే. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలు ఎనిమిది జిల్లాలైనవి. బరువు సైకిలుతో బతికేవాళ్ళు మాత్రం ఎనిమిదింటిలోనూ ఉన్నారు.

అయితే తొక్కేవాడికి వయసు మీద పడుతుంది. ఇరవై ఏండ్లప్పుడు నలభై కిలోల బరువు లెక్కలోకి రాదు. యాభై దాటినంక అదే బరువు, అదే చడావు, మోకాళ్ళు మాత్రం అవి కావు. మోపెడ్ కొనాలంటే అప్పు, దానికి రోజూ పెట్రోలు. ఈ స్థితిలో "ఉన్న సైకిలుకే కరెంటు మోటారు బిగిస్తే ఎట్లుంటది?" అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. దానికి భౌతికశాస్త్రం చెప్పే జవాబేమిటో, మనకు తెలిసిన లెక్కలతోనే చూద్దాం.

1. ఇది కొత్త ఊహేనా?

కాదు. 1895లోనే అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన వెనుక చక్రం నడుమ మోటారు అమర్చిన సైకిలుకు పేటెంటు పొందినాడు. 1897లో బోస్టన్ వాసి హోసియా లిబ్బీ పెడల్ ఇరుసు దగ్గర మోటార్లు పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అంటే నేడు మనం వాదించుకుంటున్న రెండు పద్ధతులూ నూట ఇరవై ఏండ్ల కిందనే పుట్టినవి. అప్పుడు లేనిది తేలికపాటి బ్యాటరీ. 1993లో జపానులో యమహా కంపెనీ, తొక్కిన బలాన్ని కొలిచి దానికి తగినంత సాయం చేసే నడిమి మోటారు సైకిలును అమ్మకానికి పెట్టింది. లిథియం బ్యాటరీలు వచ్చిన తర్వాత, మామూలు సైకిలుకు బిగించుకునే కిట్లు ప్రపంచమంతటా దొరకసాగినవి.

2. మోటారు ఎక్కడ ఉండవలె?

మొదటి పద్ధతిలో మోటారు చక్రం నడుమ, హబ్బులోనే ఉంటుంది. దీన్ని బిగించడం సులువు. చెయిను మీద మోటారు బలం పడదు. కాని చక్రం తిరిగినంత వేగంతోనే మోటారు తిరగవలె. గట్టు ఎక్కేటప్పుడు చక్రం మెల్లగా తిరుగుతుంది కనుక మోటారు కూడా మెల్లబడి, కరెంటు ఎక్కువ తాగి, ఆ కరెంటులో చాలా భాగాన్ని వేడిగా పోగొడుతుంది. ఇంకో మాట: ఈ మోటారు ఇరుసును తిప్పే బలం ఫోర్కు కొసలను చీల్చే ప్రమాదమున్నది. అందుకే ఇరుసు తిరగకుండా పట్టే ఇనుప పట్టీ వేయక తప్పదు.

రెండో పద్ధతిలో మోటారు పెడల్ ఇరుసు దగ్గర, ఫ్రేము కింద వేలాడుతుంది. దీన్నే మిడ్ డ్రైవ్ అంటారు. మనం నడిమి మోటారు అందాం. ఇది మన కాలు తిప్పే పండ్ల చక్రాన్నే తిప్పుతుంది. ఆ బలం చెయిను ద్వారా వెనుక చక్రానికి పోతుంది. కనుక సైకిలుకు గేర్లుంటే మోటారుకు కూడా గేర్లున్నట్టే. బరువు ఫ్రేము నడుమ, కిందికి ఉండటం వల్ల సైకిలు నిలకడగా ఉంటుంది. వెనుక చక్రం మామూలు చక్రమే గనుక పంచరు పడితే ఏ షాపులోనైనా విప్పవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మన బరువు సైకిలుకు గేర్లు లేవు! గేరు లేని సైకిలుకు నడిమి మోటారు పెడితే దాని అసలు లాభం సగం పోయినట్టే. ఈ మాట అమ్మేవాళ్ళు చెప్పరు. కనుక లెక్క మనమే చేయవలె.

3. ఎంత బలం కావాలి?

మనిషి 60 కిలోలు, సైకిలు 22, మోటారు బ్యాటరీ కలిపి 8, సరుకు 40 అనుకుందాం. మొత్తం 130 కిలోలు. దీని భారం 130 × 9.8 = సుమారు 1274 న్యూటన్లు.

సమతలపు తారు రోడ్డు మీద టైర్ల నిరోధం భారంలో దాదాపు నూటికి 1.2 వంతు, అంటే 15 న్యూటన్లు. గంటకు 18 కిలోమీటర్ల వేగంలో, అనగా సెకనుకు 5 మీటర్ల వేగంలో, గాలి నిరోధం సుమారు 11 న్యూటన్లు. మొత్తం 26 న్యూటన్లు. బలాన్ని వేగంతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది: 26 × 5 = 130 వాట్లు. ఆరోగ్యవంతుడు గంటసేపు ఆగకుండా ఇవ్వగలిగేది 75 నుండి 100 వాట్లు. అంటే చదును నేల మీద కూడా బరువుతో ఈ వేగం అతనికి శక్తికి మించినదే.

ఇక చడావు. నిర్మల్ నుండి ఆదిలాబాదుకు పోయే దారిలో మహబూబ్ ఘాటు, ఆసిఫాబాదు – ఉట్నూరు వైపు కెరమెరి ఘాటు మీకు తెలిసినవే. అంత దూరం పోకుండా, వంద మీటర్లకు నాలుగు మీటర్లు లేచే సాధారణ చడావే తీసుకుందాం. భారంలో నూటికి నాలుగు వంతులు, అంటే 51 న్యూటన్లు అదనం. అదే 18 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే (26 + 51) × 5 = 385 వాట్లు కావాలి. వేగాన్ని 12 కిలోమీటర్లకు తగ్గిస్తే గాలి నిరోధం తగ్గి, దాదాపు 236 వాట్లు చాలును.

దీన్నిబట్టి తేలేదేమిటి? మనిషి 80 వాట్లు ఇచ్చి, మోటారు 160 వాట్లు ఇస్తే నలభై కిలోల సరుకు ఆ చడావు ఎక్కుతుంది. పెద్ద వాట్ల మోటారు అవసరం లేదు. ఓపిక, సరైన పండ్ల చక్రం ఉంటే చాలు.

4. పండ్ల లెక్క

పెడల్ దగ్గర 44 పండ్లు, వెనుక ఫ్రీవీలుకు 18 పండ్లు ఉన్న సైకిలును చూద్దాం. చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు 44 ÷ 18 × 2.2 = సుమారు 5.4 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 19 కిలోమీటర్లు. చదునుకు బాగానే ఉంది.

చడావులో 12 కిలోమీటర్లంటే నిమిషానికి 200 మీటర్లు. అప్పుడు పెడల్ తిరిగేది 37 చుట్లే. నడిమి మోటార్లు సాధారణంగా 60 నుండి 80 చుట్ల దగ్గర సుఖంగా పనిచేస్తవి. 37 దగ్గర అవి ములుగుతూ వేడెక్కుతవి.

ఫ్రీవీలును 22 పండ్లకు మార్చండి. ఒక చుట్టుకు 4.4 మీటర్లు, చడావులో 45 చుట్లు. కొంత నయం. దానికి తోడు వెనుక హబ్బులో మూడు గేర్ల పెట్టె అమర్చితే, కింది గేరులో ఇంకా నాలుగో వంతు తగ్గి చుట్టుకు 3.3 మీటర్లవుతుంది. అప్పుడు సరిగ్గా 60 చుట్లు! మోటారు, మోకాలు రెండూ సంతోషిస్తవి. గేరు మార్చే క్షణంలో మాత్రం తొక్కుడు ఆపి, మోటారు బలం తీసివేయవలె. లేకుంటే లోపలి పండ్లు విరుగుతవి.

నా అభిప్రాయమిది. కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల వంటి చదును దారుల్లో ఒకే గేరుతో తిరిగేవారికి హబ్బు మోటారు చాలు, ఖర్చు కూడా తక్కువ. ఆదిలాబాదు గుట్టల వైపు తిరిగేవారికి గేర్లతో కూడిన నడిమి మోటారు మేలు. గేరు లేకుండా నడిమి మోటారు పెట్టదలచుకుంటే కనీసం ఫ్రీవీలయినా మార్చవలె.

5. బిగించే క్రమం

కిట్టు కొనకముందే పెడల్ ఇరుసు ఉండే గొట్టాన్ని కొలవాలి. సాధారణ కిట్లకు గొట్టం వెడల్పు 68 నుండి 73 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం కనీసం ముప్పైమూడున్నర మిల్లీమీటర్లు ఉండవలె. కొలవకుండా కొంటే డబ్బులు బురదలో పోసినట్టే.

కాటర్ పిన్నులను విప్పేటప్పుడు క్రాంకు కింద కట్టె మొద్దు ఆనించి కొట్టండి. లేకుంటే గోళీలు నడిచే కప్పు గుంతలు పడుతుంది. కుడివైపు కప్పుకు సాధారణంగా ఎడమ మర ఉంటుంది. మామూలు నట్టు అనుకొని తిప్పితే మరింత బిగుసుకుంటుంది. ఇరుసు, గోళీలు, కప్పులు తీసినంక గొట్టం లోపలి తుప్పు గీకి, గ్రీజు రాసి మోటారు ఇరుసును దూర్చాలి. ఎడమవైపు నట్టును గట్టిగా బిగించవలె. వారం రోజులకు మళ్ళీ చూసి బిగించవలె, మోటారు తిరుగుబాటుకు ఆ నట్టు వదులవుతుంది. పాత చెయిను కవరు సాధారణంగా ఇక పట్టదు. పైజామా, చీర కొంగు చిక్కకుండా చిన్న రేకయినా వేయించండి.

చెయిను సంగతి. అరవై కిలోల మనిషి పెడల్ మీద లేచి నిలబడితే చెయినులో సుమారు 1150 న్యూటన్ల లాగుడు పుడుతుంది. 80 న్యూటన్ మీటర్ల మోటారు 44 పండ్ల చక్రం మీద పుట్టించేది 900. రెండూ కలిసి 2000 దాటుతవి. కొత్త చెయిను తెగడానికి 8000 న్యూటన్ల పైన కావాలి గనుక అది వెంటనే తెగదు, కాని తొందరగా అరిగి సాగుతుంది. నూనె, శుభ్రత, ఏటా ఒక కొత్త చెయిను – ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

6. బ్రేకులు ముందు, మోటారు తర్వాత

ఇది ఈ వ్యాసంలో అన్నింటికన్నా ముఖ్యమైన భాగం. 130 కిలోల బండి 15 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దాని గతిజశక్తి సుమారు 1130 జౌళ్ళు. 25 కిలోమీటర్లకు పోతే 3130. వేగం ఒకటిన్నర రెట్లు దాటితే ఆపవలసిన శక్తి దాదాపు మూడు రెట్లయింది! మన రాడ్ బ్రేకులు ఇనుప రిమ్ము మీద ఒరుస్తవి. వానకు తడిస్తే వాటి పట్టు సగం కూడా మిగలదు.

పైగా నడిమి మోటారుకు దిగుడులో కరెంటును వెనక్కి రాబట్టే వీలు లేదు. ఫ్రీవీలు వదిలేస్తుంది. ఘాటు దిగేటప్పుడు భారమంతా బ్రేకు రబ్బర్ల మీదనే. అందుచేత ముందు చక్రానికైనా డ్రమ్ము బ్రేకు వేయించిన తర్వాతనే మోటారు ఆలోచన చేయండి. కిట్టుతో వచ్చే బ్రేకు పిడులు రాడ్ బ్రేకులకు సరిపోవు. కాబట్టి బ్రేకు పట్టగానే మోటారు ఆగేటట్టు, రాడ్డుకు అయస్కాంతపు స్విచ్చి కట్టించాలి.

7. బ్యాటరీ, మన ఎండలు

36 ఓల్టులు, 13 ఆంపియర్ గంటల లిథియం బ్యాటరీలో 468 వాట్ గంటల శక్తి ఉంటుంది. అది అర యూనిట్ కన్నా తక్కువ. చదునులో కిలోమీటరుకు 26 న్యూటన్ల లెక్కన 7.2 వాట్ గంటలు, నష్టాలతో కలిపి దాదాపు 9.6. అయిదో వంతు అడుగున మిగిల్చి వాడితే, అసలు తొక్కకపోయినా 39 కిలోమీటర్లు వస్తుంది. తొక్కితే యాభై దాటుతుంది. పాలవాడి రెండు పూటల తిరుగుడుకు ఇది సరిపోతుంది.

సీసపు బ్యాటరీలు చౌక. కాని ఇంత శక్తికి 12 కిలోలకు తక్కువ తూగవు, సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా చచ్చిపోతవి.

రామగుండంలో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలిపిన ఇనుప పెట్టెలో వేడి అంతకన్నా ఎక్కువ. వేడి లిథియం బ్యాటరీ ఆయుష్షును తింటుంది. కనుక బ్యాటరీని తీసి నీడకు పెట్టండి. బయటినుండి రాగానే ఛార్జి పెట్టకుండా చల్లారనివ్వండి. రాత్రి పడుకునే గదిలో, తలుపు దగ్గర ఛార్జి పెట్టకండి, మంట పుడితే బయటపడే దారి ఉండదు. సరైన ఛార్జరు, కణాలను కాపాడే బోర్డు, 20 ఆంపియర్ల ఫ్యూజు – ఈ మూడూ లేని బ్యాటరీ ఎంత చౌకగా వచ్చినా వద్దు.

8. చట్టం ఏమంటుంది?

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, సాయపు మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు ఉండి, 25 కిలోమీటర్ల వేగానికి చేరేసరికి లేదా తొక్కుడు ఆపగానే మోటారు సాయం ఆగిపోయే సైకిలును మోటారు వాహనంగా లెక్కించరు. మంచి బ్రేకులు, ముందు తెల్లని, వెనుక ఎర్రని రిఫ్లెక్టర్లు కావాలి. పరీక్షా సంస్థ ఆమోదం మాట కూడా నిబంధనల్లో ఉన్నది గనుక కిట్టు అమ్మేవారిని ఆ కాగితం అడగండి. బజారులో 500, 750 వాట్ల కిట్లు కూడా ఉన్నవి. వాటిని బిగిస్తే అది చట్టం దృష్టిలో సైకిలు కాదు. రిజిస్ట్రేషను, లైసెన్సు, బీమా లేకుండా తిరిగి, రేపు ప్రమాదం జరిగితే నష్టపోయేది పేదవాడే. మన లెక్కలో 250 లోపే సరిపోయిందని ఇంతకు ముందే చూసినాం.

9. చివరి మాట

అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్‌లో మూతబడింది. ఆ కంపెనీ సైకిళ్ళు మాత్రం ఊళ్ళల్లో ఇంకా నడుస్తూనే ఉన్నవి. వాటిని నడిపిస్తున్నది చెట్టు కింద పంచరు వేసే సైకిలు షాపు అన్నలు. మీటరు పట్టడం, వైరు అతకడం వాళ్ళకు నేర్పితే ఈ విద్య ఊరికి అందుతుంది. ఓం సూత్రం చదివిన మనకు స్పానరు పట్టడం రాదు, స్పానరు పట్టిన అన్నకు ఓం సూత్రం తెలియదు. ఇద్దరం ఒక దగ్గర కూర్చుంటే పని అయితది.

విద్యార్థి మిత్రులు ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ ఊరి పాలాయన సైకిలును సరుకుతో సహా కాంటా మీద తూచండి, పండ్లు లెక్కపెట్టండి, ఆయన రోజూ పోయే దారిలో చడావు ఎంతో కొలవండి. పైన చెప్పిన లెక్కలో ఆ అంకెలు వేసి, ఆయనకు మోటారు అవసరమా, ఏ మోటారు, ఎంత బ్యాటరీ అన్నది తేల్చి చెప్పండి. ఒక్కోసారి "మోటారు వద్దు, ఫ్రీవీలు మార్చి మంచి బ్రేకు వేయించుకో తాతా" అన్నదే సరైన జవాబు కావచ్చు. ఆ జవాబు ఆయనను అప్పు నుండి కాపాడితే మనం చదివిన చదువుకు అంతకన్నా ఫలితమేముంది?