శుక్రవారం చీటీ, పాత సినిమా ముక్క

నెల్లూరు జిల్లాలో కృష్ణపట్నం, ముత్తుకూరు వైపు బడికి బదిలీ మీద వచ్చిన టీచరుకు మొదటి నెలలోనే ఒక సంగతి తెలిసిపోతుంది. ఇక్కడ అందరు తల్లిదండ్రులకూ కుదిరే వేళ అంటూ ఏదీ లేదు. పోర్టులో రాత్రి షిఫ్టు దిగిన నాన్న మనం మీటింగు పెట్టే పూటకు నిద్రలో ఉంటాడు. నేలటూరు థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు పనికి పోయేవాళ్ల వేళలు వేరు. వేటకు పోయే ఇళ్లలో తెల్లవారకముందే పడవ కదులుతుంది. రొయ్యల గుంటలకు కాపలా ఉండే కుటుంబం గట్టు దిగి రావడమే కష్టం. నూనె ఫ్యాక్టరీల పనికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లకు తెలుగు చదవడం రాదు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగు జరిగింది. మంచిదే. ఏడాదిలో మిగిలిన రోజుల మాటేమిటి?

ఆ మిగిలిన రోజుల కోసమే ఈ సలహా. శుక్రవారం ఇళ్లకు ఒక చీటీ, వారంలో ఒకసారి క్లాసులో ఒక పాత సినిమా ముక్క. రెండూ కలిపితే టీచరుకు వారానికి గంట పని పెరుగుతుంది. అంతకు మించి పెరిగితే ఎక్కడో తప్పు చేస్తున్నారన్నమాట.

ముందు చీటీ సంగతి. చాలా బడుల వాట్సాప్ గ్రూపుల్లో పోయేవి నోటీసులు: రేపు సెలవు, ఎల్లుండి యూనిఫాం, ఆధార్ జిరాక్సు తెండి. వాటిని చూసి తల్లిదండ్రులు ఒక బొటనవేలు గుర్తు పెట్టి వదిలేస్తారు. మన చీటీ క్లాసు వార్త కావాలి, అంటే పిల్లవాడు ఇంటికి రాగానే అడగడానికి అమ్మ చేతికి ఒక ప్రశ్న దొరకాలి. నమూనా ఇలా ఉండొచ్చు: «8వ తరగతి. ఈ వారం సైన్సులో పీడనం పాఠం అయింది. సైకిల్ ట్యూబులో గాలి మరీ ఎక్కువైతే ఏమవుతుందో మీ బిడ్డను అడగండి. లెక్కల్లో వర్గమూలాలు నడుస్తున్నాయి, సోమవారం చిన్న పరీక్ష. ఇంటికి ఒక ప్రశ్న: మీరు మొట్టమొదట చూసిన సినిమా ఏది, ఎక్కడ చూశారు?» ఇంతే. ఆరేడు వాక్యాలు దాటితే ఎవరూ చదవరు.

దీన్ని మీరు రాయకండి, పిల్లల చేత రాయించండి. వారానికి ఇద్దరు, హాజరు పట్టీ వరుసలో. బాగా రాసేవాళ్లనే ఎంచుకుంటే మూడో వారానికి మిగతావాళ్లు ఆ చీటీని తమది కాదనుకుంటారు. తప్పులు మీరు దిద్దండి కానీ వాక్యం మాత్రం వాళ్లదే ఉంచండి. నెల్లూరు మాట దొర్లితే దొర్లనివ్వండి, ఇంట్లో చదివేది నెల్లూరోళ్లే. చదవడం రాని ఇళ్లకు అదే చీటీని ఆ పిల్లవాడి గొంతుతో నిమిషం వాయిస్ మెసేజిగా పంపండి. హిందీ, ఒడియా ఇళ్లు ఉంటే ఆ ఇంటి పిల్లే తన భాషలో చెప్పి పంపిస్తుంది. తెలుగు క్లాసులో నోరు విప్పని పిల్లకు కూడా అక్కడ ఒక పని దొరుకుతుంది.

ఊరి సంగతి చీటీలోకి రావాలి. తుపాను వచ్చిన ప్రతిసారీ రేడియోలో, టీవీలో మన ఊరి పేరు వినిపిస్తుంది, కృష్ణపట్నం ఓడరేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని. ఆ నంబరుకు అర్థం ఎంతమంది పిల్లలకు తెలుసు? ఒకటి, రెండు అంటే వాయుగుండమో తుపానో దూరంగా సముద్రంలో ఉందని. మూడు, నాలుగు అంటే రేవుకే గాలివాన బెడద ఉందని. అయిదు నుంచి ఏడు ప్రమాదం, ఎనిమిది నుంచి పది పెను ప్రమాదం. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే వారం చీటీలో ఈ పట్టిక ఒక్కటి పెట్టినా చాలు, ఇంట్లో గోడకు అంటిస్తారు. పిల్లలు వాళ్ల తాతను అడిగి సరిచూసుకుని రాయాలి. పాత వేటగాళ్లకు ఈ లెక్క మనకంటే బాగా తెలుసు.

ఊరి సంగతి పాఠంలోకి వస్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల వాచకంలో సారా వల్ల నలిగిన సీతమ్మ కథ పెట్టారు. ఆ పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మూయించారు. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించింది. మన శుక్రవారం చీటీ ఉద్యమాలు తేనక్కర్లేదు. కానీ చదివేవాడి ఇంటి విషయం లేని రాతను ఎవరూ రెండోసారి చదవరని ఆ వాచకం రాసినవాళ్లకు తెలుసు.

ఇక సినిమా. ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్) తెర ఉన్న బడుల్లో దాన్ని వాడని గంటలే ఎక్కువ. పాత సినిమా అనగానే కొందరు సార్లు పూర్తి సినిమా పెట్టి రికార్డులు దిద్దుకుంటూ కూర్చుంటారు. మూడు గంటల పైచిలుకు మాయాబజార్‌ను నలభై అయిదు నిమిషాల పీరియడ్లలోకి నరికితే ఏ ముక్కా నిలవదు. పది నిమిషాల సన్నివేశం ఒకటి చాలు. ముందు కథ రెండు మాటల్లో చెప్పి, ఒక ప్రశ్న బోర్డు మీద రాసి, తర్వాత వేయండి.

మొదలు పెట్టడానికి నా ఓటు మాయాబజార్‌కే. 1957 మార్చి 27న విడుదలైంది, దర్శకుడు కె.వి. రెడ్డి, నిర్మించింది విజయా సంస్థ. ఆ సంస్థను నడిపిన నాగిరెడ్డి, చక్రపాణిలే పిల్లల కోసం 1947లో చందమామ పత్రిక పెట్టారు. మాయాబజార్‌లో ఘటోత్కచుడి గురువు చిన్నమయ్యగా కనిపించే బక్కపల్చటి మనిషి రమణారెడ్డి, మన జిల్లా జగదేవిపేటవాడు. మన జిల్లా మనిషని ముందే చెబితే పిల్లలు తెర మీద అతన్నే వెతుకుతారు. వేయాల్సిన ముక్క మాత్రం ప్రియదర్శిని పెట్టె సన్నివేశం. పెట్టె తెరిచినవాళ్లకు తమకు ఎంతో ఇష్టమైనదే అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. ప్రశ్న: ఆ పెట్టె మీరు తెరిస్తే ఏం కనిపిస్తుంది, మీ అమ్మ తెరిస్తే ఏం కనిపిస్తుంది? రెండో సగానికి జవాబు ఇంట్లో అడిగి రావాలి. ఓడ మీద పనికి పోయి నెలల తరబడి రాని నాన్న ఉన్న ఇంట్లో ఆ జవాబు ఎలా ఉంటుందో ఊహించుకోండి. అలాంటిది వస్తే చీటీలో వేయకండి, ఆ పిల్లతో విడిగా మాట్లాడండి.

పెద్ద తరగతులకు కన్యాశుల్కం. 1955లో వచ్చిన ఈ చిత్రానికి దర్శకుడు పి. పుల్లయ్య, ఆయనదీ నెల్లూరే. గిరీశంగా ఎన్టీ రామారావు, మధురవాణిగా సావిత్రి. గురజాడ నాటకాన్ని యథాతథంగా తీయలేదు కాబట్టి నాటకంలోని అదే ఘట్టాన్ని ముందు పిల్లల చేత చదివించి, తర్వాత సినిమా ముక్క చూపండి. ఏం మారింది, ఎందుకు మార్చి ఉంటారు అని అడగండి. పద్దెనిమిది నిండకుండా పెళ్లి మాటలు మొదలయ్యే ఇళ్లు మన తరగతిలోనూ ఉంటాయి. ఆడపిల్లను అమ్ముకునే తండ్రిని తెర మీద చూసి నవ్విన తర్వాత ఆ మాట ఎత్తడం టీచరుకు కొంచెం తేలిక.

ఆరో తరగతివాళ్లకు నలుపు తెలుపు బొమ్మ నచ్చదంటే 1997లో వచ్చిన రామాయణం ఉంది. గుణశేఖర్ దర్శకత్వం, నిర్మాత ఎం.ఎస్. రెడ్డి, ఈయనా మన జిల్లా మనిషే. నటించినవాళ్లంతా పిల్లలే, రాముడు జూనియర్ ఎన్టీఆర్. ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ అవార్డు పొందింది. తమ వయసువాళ్లు ఆ డైలాగులు చెప్పడం చూస్తే మర్నాడే నాటకం వేద్దామంటారు. పడవ, రేవు ఉన్నాయి కదా అని మూగమనసులు మాత్రం బడిలో పెట్టకండి. మాటలు రాసిన ఆత్రేయ మనవాడే, అది గొప్ప సినిమాయే, కానీ ఎనిమిదో తరగతి గదిలో ఆ ప్రేమకథకు వచ్చే వెకిలి నవ్వుల్ని అదుపు చేయడం మీ వల్ల కాదు.

పాత సినిమాల్లో పాత కుళ్లూ ఉంటుంది. పెళ్లాన్ని కొడితే హాస్యం, బక్కవాణ్ణి చూస్తే హాస్యం, నల్లపిల్ల అంటే వెటకారం. ముందు మీరు ఒంటరిగా ఆ ముక్క పూర్తిగా చూడండి. అలాంటిది తగిలితే కత్తిరించవచ్చు, లేదా ఆపి మాట్లాడవచ్చు. నేనైతే ఆపి మాట్లాడమంటాను.

చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. బడిలో సినిమా వేస్తే కాపీరైటు కేసవుతుందని భయపడే హెడ్మాస్టర్లు ఉన్నారు. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్‌లో విద్యాసంస్థలకు మినహాయింపు ఉంది. బడి కార్యక్రమంలో భాగంగా సినిమా వేయవచ్చు, చూసేవాళ్లు మాత్రం సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంరక్షకులు, బడి పనులతో సంబంధం ఉన్నవాళ్లే అయి ఉండాలి. ఊరందరినీ పిలిచి వేస్తే ఆ రక్షణ పోతుంది. టిక్కెట్టు, చందా పెట్టకండి. ఇక సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. అంటే మాయాబజార్ చిత్రానికి 2017తో తీరింది. అలాగని ఆ ముక్కలు కత్తిరించి మీ పేరున ఇంటర్నెట్‌లో పెట్టకండి. మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు, రచయితల హక్కు వాళ్లు పోయాక మరో 60 ఏళ్లు ఉంటుంది. 2010లో వచ్చిన రంగుల ప్రతి సంగతి వేరే.

తెర దగ్గర కష్టాలు మామూలే. నెట్ ఆగిపోతుంది, మధ్యలో పిల్లలు చూడకూడని యాడ్ వస్తుంది. అసలైన డీవీడీ దొరికితే అదే మేలు. లేదంటే ముందు రోజు సాయంత్రం అదే తెర మీద ఒకసారి వేసి చూసుకోండి. పాత సినిమాల్లో మాట సరిగా వినపడకపోవడమే పెద్ద ఇబ్బంది, చిన్న స్పీకరు ఒకటి అరువు తెచ్చుకోండి. లెసన్ ప్లాన్‌లో సన్నివేశం పేరు, దాని వల్ల సాధించే అభ్యసన ఫలితం రాసి హెడ్మాస్టరు సంతకం చేయించుకోండి. తనిఖీకి వచ్చిన అధికారి పీరియడ్లో సినిమా ఏమిటని అడిగితే ఆ కాగితమే మీ జవాబు. నో బ్యాగ్ డే అమలయ్యే శనివారం దీనికి అనువైన రోజు.

ఫోను విషయంలో కచ్చితంగా ఉండండి. గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగు పెట్టండి, లేకపోతే రాత్రి పదకొండింటికి గుడ్ మార్నింగులు, పార్టీ వీడియోలు వస్తాయి. గ్రూపులో తల్లుల నంబర్లు అందరికీ కనిపిస్తాయి, దానివల్ల ఇబ్బంది పడ్డ ఆడవాళ్లున్నారు. బ్రాడ్‌కాస్ట్ జాబితా అయితే ఎవరి నంబరు ఎవరికీ కనపడదు, 256 మంది దాకా పంపొచ్చు, కాకపోతే వాళ్లు మీ నంబరు సేవ్ చేసుకుని ఉండాలి. మేడంలు రెండో సిమ్ వాడటం మంచిది. మార్కులు, కొట్లాటలు, ఫీజు బకాయిలు చీటీలో రాకూడదు. పిల్లల ముఖాలు, పేర్లు కలిపి ఫొటోలు పెట్టకండి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు వారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ముఖ్యం. గోడ మీద బొమ్మ, నోటుబుక్కులో రాత, వెనక నుంచి తీసిన ఫొటో చాలు.

నమూనా చీటీలో పెట్టిన, తొలి సినిమా ఎక్కడ చూశారన్న ప్రశ్నకు జవాబులు వస్తాయి, నన్ను నమ్మండి. టెంటు హాలు, నేల టిక్కెట్టు, వాన వస్తే ఆట ఆగిపోవడం, నెల్లూరు దాకా బండి కట్టుకుని పోవడం, ఇవన్నీ అవ్వల నోట వస్తాయి. వాటిలో రెండు మూడు వచ్చే శుక్రవారం చీటీలో వేయండి. తన మాట బడి కాగితంలో చూసుకున్న అవ్వ తర్వాతి వారం చీటీ ఏదని తనే అడుగుతుంది. అడగకపోతే చీటీ నీరసంగా ఉందని అర్థం, ప్రశ్న మార్చండి.

తల్లిదండ్రులతో కలిసి ఒక్క ఆటైనా వేయాలనుకుంటే ఏప్రిల్ మూడో వారం పెట్టుకోండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి, మత్స్యకారుల ఇళ్లలో మగవాళ్లు ఇంటి పట్టునే ఉంటారు, బడికి ఇంకా వేసవి సెలవులు ఇవ్వరు. ఆ వారం సాయంత్రం అయిదింటికి తల్లిదండ్రులను పిలిచి అరగంట సినిమా వేయండి. పోర్టు షిఫ్టుల వాళ్ల కోసం అదే ముక్క మర్నాడు పొద్దున ఇంకోసారి. హాజరు సంతకాలు తీసుకోవడం మరిచిపోకండి, స్కూలు మేనేజ్‌మెంట్ కమిటీ రికార్డుకు పనికొస్తాయి.

ఈ శుక్రవారమే మొదటి చీటీ రాయించండి. తెర లేకపోయినా పర్వాలేదు, తొలి వారానికి ఆ తొలి సినిమా ప్రశ్న ఒక్కటి ఇంటికి పోతే చాలు.