బ్రేకు భాగాలకు తుప్పు - రంగు వేయడానికి ముందు తెలుసుకోవలసినవి

హాస్టల్లో చదివినవాళ్లకు తుప్పు కొత్తేమీ కాదు. ట్రంకు పెట్టె అడుగు రెండు వానాకాలాలకే జల్లెడ కావడం మనమంతా చూసినదే. మూడు పరీక్షనాళికల్లో మేకులు వేసే ప్రయోగం కూడా సైన్సు పుస్తకంలో చదివాం. పొడిగాలిలోని మేకుకు తుప్పు పట్టదు. మరిగించిన నీటిలో వేసి పైన నూనె పోసినా పట్టదు. గాలి, నీరు రెండూ తగిలిన మేకుకే పడుతుంది. ఈ పాఠం కారు బ్రేకుల దగ్గర ఎలా పనికివస్తుందో, పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ ట్రేడు తీసుకోవాలనుకునే తమ్ముళ్ల కోసం రాస్తున్నాను. ఇప్పటికే షెడ్లలో ఉన్న పూర్వ విద్యార్థులు కూడా ఒకసారి చూడగలరు.

బ్రేకు డిస్కును, డ్రమ్మును ఎక్కువగా పోత ఇనుముతో చేస్తారు. షెడ్డు భాషలో బీడు. ఇది వేడిని బాగా ఓర్చుకుంటుంది గానీ తొందరగా తుప్పు పడుతుంది. ప్యాడు రాసుకునే ముఖానికి రంగు, గ్రీజు ఏదీ పూయకూడదు, పూస్తే బ్రేకు పట్టదు. అందుకే రాత్రి వానలో నిలిపిన కారు డిస్కు మీద పొద్దున్నే ఎర్రటి పొర కనిపిస్తుంది. దానికి కంగారు పడనక్కర్లేదు. నాలుగైదుసార్లు బ్రేకు వేస్తే ప్యాడ్లే దాన్ని గీకేస్తాయి.

భయపడవలసింది కనపడని చోట పట్టే తుప్పుకు. తుప్పు, తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. క్యాలిపర్‌లో ప్యాడు జారే సందుల్లో అది ఉబ్బితే ప్యాడు ఇరుక్కుపోతుంది. అప్పుడు ఒక చక్రానికి బ్రేకు వదలదు, లేదా సరిగా పట్టదు. బండి ఒక పక్కకు లాగుతుంది. ప్యాడు వెనుక రేకు మీద ఉబ్బితే లైనింగు రేకును వదిలి ఊడిపోవచ్చు. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ వంటి ఉప్పుగాలి ఊళ్లలో ఈ బాధ ఎక్కువ.

క్యాలిపర్లకు ఎరుపు, పసుపు రంగులు వేయించుకునే మోజు కొందరికి ఉంది. తప్పులేదు. కానీ తుప్పు మీద రంగు వేస్తే తుప్పు ఆగదు, కంటికి కనబడదు, అంతే. కొన్నాళ్లకు పొక్కులుగా లేస్తుంది.

పని మొదలుపెట్టేటప్పుడు బండిని జాకీ ఒక్కదాని మీదే నిలపవద్దు, స్టాండ్లు పెట్టండి. ఇక బ్రేకు ధూళి సంగతి. చాలా చోట్ల కొత్తగా చేరిన కుర్రాడి చేతికి గాలి పైపు ఇచ్చి ఊదమంటారు. ఊదకండి తమ్ముళ్లూ. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. దాని నూలు ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు ఇరవై ముప్పై ఏళ్లకు బయటపడుతుంది, అప్పటికి చేసేదేమీ ఉండదు. ధూళిని తడిపి గుడ్డతో తుడవండి. మేస్త్రి కోప్పడినా సరే.

జిడ్డు తీయడానికి పెట్రోలు, కిరోసిన్ వాడితే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. బ్రేక్ క్లీనరు గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాలు గానీ వాడాలి. తర్వాత వైరు బ్రష్షుతో పెచ్చులు రాలగొట్టి, ఎమరీ కాగితంతో రుద్దాలి. గుంటల్లో మిగిలినదానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మందు పూస్తే తుప్పు ఐరన్ ఫాస్ఫేటుగా మారుతుంది. టానిక్ ఆమ్లం ఉన్న మందైతే నల్లబడుతుంది. ఇది మనవాళ్లకు పాత విద్యే. శ్రీకాళహస్తి కలంకారీలో తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టిన నీళ్లు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద నల్లగా మారేది కూడా ఈ చర్యతోనే. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను మాత్రం బ్రేకుల దగ్గరికి రానివ్వకండి. గట్టి ఉక్కు స్ప్రింగులు హైడ్రోజన్ చేరి పెళుసై విరుగుతాయి, ఆవిరికి పక్కనున్న పనిముట్లు కూడా తుప్పు పడతాయి. ఏ ఆమ్లానికైనా చేతి తొడుగులు, కళ్లద్దాలు ఉండాలి.

శుభ్రమైన ఇనుము తేమకు చాలా తొందరగా మళ్లీ ఎర్రబడుతుంది. కాబట్టి ఆరిన వెంటనే రంగు పడాలి. ముసురు రోజున ఈ పని పెట్టుకోవద్దు.

రంగు పడకూడని చోట్లను టేపుతో మూయాలి. డిస్కు రాపిడి ముఖం, ప్యాడు జారే సందులు, పిస్టను, రబ్బర్లు, గాలి తీసే స్క్రూ. చక్రం ఆనుకునే ముఖం కూడా. అక్కడ రంగు మందంగా ఉంటే నలిగి, బిగించిన నట్లు వదులవుతాయి. గేట్లకు వేసే రెడ్ ఆక్సైడు, మామూలు ఎనామిలు ఈ వేడికి ఆగవు. వేడి తట్టుకునే రంగునే పలుచగా రెండు మూడు పూతలు వేయాలి. కింద ప్రైమరు కావాలో వద్దో డబ్బా మీదే ఉంటుంది.

రంగుకు ముందే డిస్కు మందం కొలవండి. కనీస మందం చాలా డిస్కుల మీదే మిల్లీమీటర్లలో ఉంటుంది. అరుగుదలకు అంచున గట్టు మిగులుతుంది గనుక మైక్రోమీటరుతో లోపలివైపు కొలవాలి. తక్కువైతే డిస్కు మార్చడమే.

తుప్పు లోపలి నుంచి కూడా వస్తుంది. మనం వాడే డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమకు పిస్టను, సిలిండరు గోడలు తుప్పు పడతాయి. డాట్ 3 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. నీరు చేరాక ఆ కనీసం 140 డిగ్రీలే. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆయిలు మరిగితే పెడలు నేలకు అంటుతుంది. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. మూత తీసి నెలల తరబడి ఉంచిన డబ్బాలోది పోయకండి. మార్చేటప్పుడు కొత్త రంగు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది.