ఢోలక్‌పూర్ నుంచి పాండవుల గుట్టల దాకా

"మా వానికి ఛోటా భీమ్ పెట్టకపోతే ముద్ద దిగదు" అనే మాట జనగామలో వినిపిస్తుంది, మానుకోటలో వినిపిస్తుంది, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలోనూ వినిపిస్తుంది. చెప్పే తల్లి గొంతులో సగం ఫిర్యాదు, సగం సిగ్గు. ఆ సిగ్గును ముందు పక్కన పెట్టండమ్మా. పొద్దున్నే మిర్చి ఏరబోయి, పొద్దుగూకాక వచ్చి పొయ్యి ముట్టించే మనిషి పిల్లాడి చేతికి కాసేపు ఫోన్ ఇచ్చినంత మాత్రాన చెడ్డ తల్లి అయిపోదు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన తండ్రి పగలు కన్ను మూయాలంటే రెండు గదుల ఇల్లు సద్దుమణగాలి. ఆ వేళ పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టేది కార్టూనే. ఫోన్ గుంజుకొమ్మని నేను చెప్పను. ఆ కాసేపట్లో పిల్లాడు ఏం చూస్తున్నాడో మీకు కొంచెం తెలిసి ఉండాలి, అంతే నా మనవి.

ఈ భీముడు పరాయివాడేమీ కాదు. హైదరాబాదులో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థలో పుట్టాడు, 2008లో పోగో చానల్లో తెర మీదికి వచ్చాడు. మహాభారతంలోని భీముడి పేరు పెట్టుకున్న తొమ్మిదేళ్ల పిల్లవాడు. ఊరు ఢోలక్‌పూర్. చుట్కీ, రాజు, జగ్గు కోతి అతని జట్టు. కాలియా, ఢోలు భోలు ఎదుటి జట్టు. ఏ ఎపిసోడ్ తీసుకున్నా దాదాపు ఒకటే నడక: ఊరికి ఆపద వస్తుంది, మహారాజు ఇంద్రవర్మ దిగులు పడతాడు, భీమ్ అలసిపోయే వేళకు ఓ లడ్డూ నోట్లో పడుతుంది, బలం వస్తుంది, రాక్షసుడు పారిపోతాడు. పెద్దవాళ్లకు రెండో ఎపిసోడ్‌కే విసుగు. పిల్లలకు మాత్రం ఏం జరుగుతుందో ముందే తెలియడంలోనే సంతోషం. లోకంలో ఏదీ వాళ్ల చేతిలో లేని వయసు అది. ఇక్కడ మాత్రం చివరికి గెలిచేది ఎవరో వాళ్లకు ఖాయంగా తెలుసు.

కొందరు తాతలకు మరో బాధ ఉంది. మాయలు, మంత్రాలు, గాల్లో ఎగరడాలు చూస్తే పిల్లలు పాడైపోతారని. ఈ మాట బమ్మెర ఉన్న జిల్లాలో అనుకోవడం నాకు కాస్త నవ్వు తెప్పిస్తుంది. పాలకుర్తి పక్కన ఆ ఊళ్లో పుట్టిన పోతన చెప్పిన భాగవతంలో మొసలి పట్టిన ఏనుగు దేవుణ్ణి పిలుస్తుంది, దేవుడు దిగి వస్తాడు. ఆ కథ విని ఎన్ని తరాలు పెరిగాయి! ఈ ఫిర్యాదు చేసే తాతే చిన్నప్పుడు చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, మకరదేవత లాంటి సీరియళ్లకు నెలనెలా ఎదురుచూసి ఉంటాడు. అద్భుతం పిల్లలకు చెరుపు చేయదు. ఆ అద్భుతాన్ని పిల్లవాడు ఒంటరిగా, మూలన కూర్చుని, ఎవరితోనూ పంచుకోకుండా మింగడమే ఇప్పుడు కొత్తగా వచ్చిన సంగతి.

జనగామకు పొరుగునే ఉన్న చేర్యాలను చూడండి. అక్కడి నకాశీ చిత్రకారులు గుడ్డ మీద ఎర్రటి నేల వేసి, గడి తర్వాత గడిగా కథను గీస్తారు. పదుల అడుగుల పొడవు సాగే ఆ పటాన్ని కథకులు చుట్ట చుట్టి ఊరూరా తీసుకెళ్లి, ఒక్కో గడి విప్పుతూ, కర్రతో బొమ్మను చూపిస్తూ రాత్రంతా కథ నడిపేవారు. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఆ కథకు వేరే కథకులు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెప్పేవారు. అంటే ఈ నేల మీద పిల్లలు భీముణ్ణి బొమ్మల్లో చూడటం 2008తో మొదలవలేదు. అప్పుడు బొమ్మ పక్కన ఒక మనిషి ఉండేవాడు. నిద్రపోతున్న పిల్లాణ్ణి చూసి గొంతు తగ్గించేవాడు, భయపడ్డవాణ్ణి చూసి ఒక హాస్యం విసిరేవాడు, ఊళ్లో జరిగిన సంగతి ఒకటి కథలో కలిపేవాడు. ఫోన్‌లో బొమ్మ ఉంది, గొంతూ ఉంది, ఎదురుగా ఉన్న పిల్లవాణ్ణి చూసే కన్ను మాత్రం లేదు. ఆ లోటు మీరే తీర్చాలి.

ఎలాగంటారా? మన ఒగ్గు కథలోనే దారి ఉంది. జనగామ జిల్లా మాణిక్యాపురం నుంచి వచ్చిన చుక్క సత్తయ్య ఒగ్గు కథను దేశానికి చూపించి 2017లో కన్నుమూశారు. ఆ కథలో ప్రధాన కథకుడితో పాటు వంతవాళ్లు ఉంటారు. వాళ్లు ఊ కొడతారు, "అట్లనా?" అని ఆశ్చర్యపోతారు, మధ్యలో ప్రశ్న వేసి కథను ముందుకు తోస్తారు. తల్లిదండ్రులుగా మీరు చేయాల్సింది ఆ వంత పని. రోజూ కాకపోయినా సరే, వారంలో రెండు మూడు సార్లు ఒక్క ఎపిసోడ్ పిల్లల పక్కన కూర్చుని చూడండి. మీ ఫోన్ మీరు చూసుకుంటూ కాదు. అయిపోయాక, రొట్టె చేస్తూనో అన్నం పెడుతూనో, అడగండి.

"ఇయ్యాల భీమ్ ఏం జేసిండు బిడ్డా?"

"కొట్టిండు."

"ఎవల్ని?"

"కిర్మడ రాక్షసుణ్ణి."

"అయ్యో, ఎందుకు? వాడేం జేసిండు?"

ఇక్కడ పిల్లవాడు ఆగుతాడు. కొట్టడం గుర్తుంది, కారణం గుర్తులేదు. వెనక్కి వెళ్లి వెతుక్కుంటాడు. కథలో ముందు ఏం జరిగింది, దానివల్ల తర్వాత ఏం జరిగింది అని వరసలో పెట్టి చెప్పడం రేపు బడిలో పాఠం అర్థం చేసుకోవడానికి పనికొచ్చే విద్య. మీరు సరిదిద్దకండి, నీతి చెప్పకండి. "ఆ తర్వాత?" అంటే చాలు.

కాస్త పెద్ద పిల్లలైతే పెద్ద ప్రశ్న వేయవచ్చు. 2012 మే నెలలో థియేటర్లలోకి వచ్చిన ఛోటా భీమ్ సినిమాలో సోనాపూర్ అనే పాత నగరం, శాపంతో అక్కడ బందీగా ఉన్న దమ్యాన్ అనే మాయావి ఉంటారు. అక్కడ నిధి ఉందన్న మాట నమ్మి పెద్దవాళ్లు బయల్దేరతారు, బందీ బయటపడతాడు, చేసిన తప్పును చక్కదిద్దడానికి పిల్లలు వెయ్యేళ్లు వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. "ఆ నిధి కోసం పోకపోతే ఏమయ్యేది?" అని ఒక్కసారి అడిగి చూడండి. జవాబు చెప్పేముందు పిల్లలు మీ మొహంలోకి చూస్తారు, పెద్దవాళ్ల తప్పు ఎత్తి చూపవచ్చా అన్నట్టు. చూపనివ్వండి.

భాష సంగతి ఒకటి. మన పల్లెల్లో చాలామంది పిల్లలు ఈ కార్టూన్లను హిందీలో చూస్తున్నారు, సెట్‌టాప్ బాక్స్‌లో ఏ భాష ఉంటే అదే నడుస్తోంది కాబట్టి. రిమోట్‌లో ఆడియో మార్చే మీట ఉంటుంది, తెలుగు పెట్టండి. 2021లో రామోజీ గ్రూప్ మొదలుపెట్టిన ఈటీవీ బాలభారత్ లాంటి పిల్లల చానళ్లు తెలుగులో ఉన్నాయి. హిందీ వస్తే మంచిదే కదా అనే తల్లిదండ్రులకు నా జవాబు: మంచిదే, కానీ మీతో కథ చెప్పుకోవాల్సిన వయసులో ముందు మీ మాట రావాలి. మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులే. తండాలో ఇంటి మాట ఒకటి, బడి మాట ఒకటి, కార్టూన్ మాట మరొకటి. తండా తల్లికి నేను ప్రత్యేకంగా చెప్పేది: పిల్ల తెలుగులో చూసిన ఎపిసోడ్‌ను "యాడీ" అంటూ మీ గోర్ బోలీలో తిరిగి చెబితే ఆపకండి, తెలుగులోనే చెప్పమని ఒత్తిడి చేయకండి. రెండు భాషల మధ్య కథను మోసుకురావడం చిన్న పని కాదు.

ఇక ఎంతసేపు అన్న ప్రశ్న. రెండేళ్లు నిండని పిల్లలకు తెర అసలు వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం సూచన కూడా ఇంచుమించు ఇదే; ఐదు నుంచి పదేళ్ల వాళ్లకు రెండు గంటల లోపు అంటుంది. గంటల లెక్క కంటే నాకు ఆసక్తి కలిగించింది మరో సంగతి. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో అరవై మంది నాలుగేళ్ల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి తొమ్మిది నిమిషాలు వేగంగా సాగే మాయాలోకపు కార్టూన్ చూపించారు, కొందరికి నింపాదిగా నడిచే కార్యక్రమం, కొందరికి రంగులిచ్చి బొమ్మలు గీసుకోమన్నారు. ఆ వెంటనే ఏకాగ్రత, ఓపిక కావాల్సిన చిన్న పనులు ఇస్తే మొదటి జట్టు వెనకబడింది. 2015లో అదే బృందం మళ్లీ పరీక్షించి, వేగం కంటే అసంభవమైన మాయలే ఎక్కువ కారణమని తేల్చింది. దీనికి బెంబేలు పడనక్కర్లేదు. వాళ్లు కొలిచింది చూసిన వెంటనే కనిపించే అలసటను. పెద్దవాళ్ల మెదడు సులువుగా దాటేసే వింతను పిల్లల మెదడు ఎలా సాధ్యమని వెతుక్కుంటుంది, అలసిపోతుంది. కాబట్టి కార్టూన్ అయిన మరుక్షణం ఎక్కాలు చెప్పమని కూర్చోబెట్టకండి. మధ్యలో ఓ అరగంట వాకిట్లో ఆడుకోనివ్వండి. ట్యూషన్‌కు ముందు ఎపిసోడ్ ఆశ పెట్టే ఇళ్లు, ఆ ఆశను ట్యూషన్ తర్వాతకు మార్చుకుంటే చాలు.

చందమామ సీరియల్ ఆగేది. నెల రోజులు ఊహించుకునే వీలుండేది. టీవీలో కూడా ఎపిసోడ్‌కు ఓ చివర ఉండేది. యూట్యూబ్‌లో ఒకటి అయ్యేలోపే మరొకటి మొదలవుతుంది. అందులో ఆటోప్లే అనే మీట ఉంటుంది, దాన్ని ఆపేయండి. నేను ఇచ్చే సలహాలన్నిటిలో ఇది అతి తేలికైనది, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది కూడా. "చాలు, బంద్ చెయ్" అని మధ్యలో ఫోన్ గుంజుకుంటే ఏడుపు తప్పదు, పెద్దవాళ్లం క్రికెట్ చివరి ఓవర్లో కరెంటు పోతే ఊరుకుంటామా? ఎపిసోడ్ పూర్తి కానివ్వండి. పూర్తయ్యాక వాళ్ల చేత్తోనే ఆపించండి. చీకటి గదిలో దుప్పటి కింద చూడనివ్వకండి. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్ ఒక్క ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం వెలుగులు వెంటవెంటనే మెరిసినందుకు ఆరు వందల మందికి పైగా పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. అప్పటి నుంచి తయారీదారులు జాగ్రత్త పడుతున్నారు, అయినా గదిలో దీపం వెలగనివ్వడం మన చేతిలో పని.

రాత్రి భయపడే పిల్లలు ఉంటారు. కిర్మడ కిటికీలోంచి వస్తాడని లైటు ఆర్పనివ్వరు. "అది ఉత్త బొమ్మరా" అంటే ఐదేళ్ల వాడికి ఊరట దొరకదు. వాడికీ తెలుసు అది బొమ్మని, అయినా భయమే. పక్కన పడుకోబెట్టుకోండి. పొద్దున లేచాక ఆ రాక్షసుణ్ణి గీయమనండి, మీసాలు పెట్టమనండి, గాజులు తొడగమనండి.

పిల్లలు అడగకపోయినా మీరు గమనించాల్సినవి రెండున్నాయి. లావుగా, ఛాయ తక్కువగా ఉన్న కాలియాయే ఇక్కడ ఎప్పుడూ అసూయపరుడు, తిండిపోతు, ఓడిపోయేవాడు. ఎండలో కాలిన మన పిల్లల మధ్య ఆ పేరు తిట్టుగా మారడానికి ఎంతోసేపు పట్టదు. ఇంట్లో ఆ మాట వినబడితే నవ్వి ఊరుకోకండి. రెండోది చుట్కీ. తెలివైన పిల్ల, ధైర్యమూ ఉంది, అయినా చాలాసార్లు లడ్డూ అందించే దగ్గరే ఆగిపోతుంది. 2020లో భీమ్ రాకుమారి ఇందుమతిని పెళ్లి చేసుకున్నాడని ఎవరో అనుకోవడంతో చుట్కీకి న్యాయం కావాలంటూ సామాజిక మాధ్యమాల్లో గోల చెలరేగింది. వాళ్లింకా పిల్లలే, పెళ్లేమీ కాలేదని గ్రీన్ గోల్డ్ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. పెద్దవాళ్ల గోల అది. మీ అమ్మాయిని మాత్రం ఇంకోటి అడగండి: "ఇయ్యాల భీమ్‌కు జరమొచ్చిందనుకో, చుట్కీ ఒక్కతే ఊరిని ఎట్ల కాపాడుతది?" ఆ ఎపిసోడ్ ఏ చానల్లోనూ రాదు. మీ ఇంట్లోనే తయారవుతుంది.

గోడ మీంచి దూకే పిల్లాడి గురించి ఒక్క మాటే: భీమ్ దూకితే పడని దెబ్బ మనకు ఎందుకు పడుతుందో ముందే మాట్లాడండి, దూకాక తిట్టేకంటే.

ఇంత చేశాక, భీముణ్ణి తెర బయట కూడా చూపించండి. మనకున్న అదృష్టం వేరే ఊళ్లకు లేదు. మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలో అడవి మధ్య భీముని పాదం జలపాతం ఉంది. భీముడు కాలు మోపిన చోటని జనం చెప్పుకుంటారు. భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర పాండవుల గుట్టలు ఉన్నాయి. అక్కడి రాతి మీద ఆదిమానవులు గీసిన జంతువుల బొమ్మలున్నాయి, చాలా తర్వాతి కాలంలో వేరే చేతులు గీసిన పాండవుల బొమ్మలూ ఉన్నాయి. చానల్ లేదు, కరెంటు లేదు, అయినా ఎవరో ఎవరికో బొమ్మలు చూపించి కథ చెప్పాలనుకున్నారు. జలపాతానికి వానలు పడ్డాక వెళ్తేనే నీళ్లుంటాయి, బండలు జారుతాయి కాబట్టి పిల్లల చెయ్యి వదలకండి. గుట్టలకు చలికాలం పొద్దున మేలు. నీళ్ల సీసా, కాసిని అటుకులు వెంట పెట్టుకోండి, రాతి బొమ్మల మీద చెయ్యి పెట్టనివ్వకండి. దారి పొడవునా మీరు మహాభారతం చెప్పబోకండి. ముందు ఢోలక్‌పూర్ కథ వాళ్లను చెప్పనివ్వండి. మీ వంతు వచ్చేదాకా ఊ కొడుతూ నడవండి.