తపాలా బిళ్ళలలో మనవాళ్ళు

తపాలా బిళ్ళ చూడటానికి చాలా చిన్న వస్తువు. ఉత్తరం చేరవలసిన చోటికి చేరగానే దాని పని తీరిపోతుంది. అయినప్పటికీ ఆ చిన్న కాగితంపై ఎవరి బొమ్మ ముద్రించాలన్న విషయంలో ప్రతి ప్రభుత్వమూ ఎంతో ఆలోచన చేస్తుంది. ఎందుకనగా అది దేశం పేరిట వెలువడే కాగితం. పల్లెలోని పూరింటికీ, పరదేశంలోని కార్యాలయానికీ సమానంగా వెళ్ళే కాగితం. 'వీరు మాకు పూజ్యులు' అని ఒక జాతి లోకానికి తెలియజేసే ప్రకటన అందులో ఇమిడి ఉంటుంది.

కొంతకాలం క్రిందట వేమనను గురించి పాఠం చెప్పుతూ, నా వద్దనున్న పాత ఆల్బమును తరగతిలో చూపించాను. అది చేతులు మారి చివరి బల్ల వరకు వెళ్ళింది. అక్కడ ఒక విద్యార్థి లేచి, "సార్, ఇందులో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారు?" అని అడిగాడు. కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ వయస్సులో నేను కూడా అదే లెక్క వేసినవాడిని. ముస్లిం ప్రముఖుల బిళ్ళలు ఒక పుటలోను, తెలుగువారి బిళ్ళలు మరొక పుటలోను వేరువేరుగా అమర్చుకొన్నవాడిని. ఆనాడు ఆ విద్యార్థికి సరియైన సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసం నేను అతనికి బాకీపడిన సమాధానం.

స్మారక తపాలా బిళ్ళ అనగానేమి?

రోలండ్ హిల్ సూచించిన సంస్కరణల ఫలితంగా 1840 మే 6వ తేదీన ఇంగ్లండులో 'పెన్నీ బ్లాక్' అనే తొలి తపాలా బిళ్ళ వాడుకలోనికి వచ్చింది. ఆసియా ఖండంలో మొదటి బిళ్ళలు 1852లో సింధు ప్రాంతంలో బార్టిల్ ఫ్రియర్ ప్రవేశపెట్టిన 'సిండే డాక్' బిళ్ళలు. 1854లో భారతదేశమంతటికీ చెల్లే బిళ్ళలు వచ్చాయి. ఆ తరువాత దాదాపు ముప్పాతిక శతాబ్ది కాలం మన బిళ్ళలపై కనిపించినది ఒక్క బ్రిటిష్ ఏలిక ముఖమే.

తపాలా బిళ్ళలు ముఖ్యంగా రెండు విధాలు. నిత్యం వాడుకకై ఏళ్ళ తరబడి మళ్ళీమళ్ళీ ముద్రించేవి సాధారణ బిళ్ళలు. ఒక వ్యక్తినిగాని, సంఘటననుగాని, సంస్థనుగాని పురస్కరించుకొని ఒక నిర్ణీత దినాన, పరిమిత సంఖ్యలో విడుదల చేసేవి స్మారక బిళ్ళలు. అవి అమ్ముడుపోయిన పిమ్మట సామాన్యంగా తిరిగి ముద్రించరు. మన దేశంలో తొలి స్మారక బిళ్ళలు 1931లో న్యూఢిల్లీ నగర ప్రారంభోత్సవ సందర్భంగా వెలువడ్డాయి. అంటే మనం తొలుత స్మరించుకొన్నది మన కవినో వీరుణ్ణో కాదు, మన పాలకుల రాజధానిని.

స్వాతంత్ర్యానంతరం 1947 నవంబరు 21వ తేదీన మన జాతీయ పతాకంతో, 'జైహింద్' అనే మాటతో తొలి బిళ్ళ వచ్చింది. మరుసటి సంవత్సరం ఆగస్టు 15న గాంధీజీ స్మారకంగా నాలుగు బిళ్ళలు వెలువడ్డాయి. వాటిపై 'బాపూ' అనే పదం నాగరి లిపిలోను, ఉర్దూ లిపిలోను ముద్రింపబడి ఉన్నది. మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థులు ఈ బిళ్ళను తప్పక చూడాలి. విభజన గాయాలు మానకముందే, జాతిపితను రెండు లిపులలో పిలుచుకొన్న దేశం మనది.

సాధారణంగా జీవించి ఉన్నవారి పేర స్మారక బిళ్ళ వెలువరించరు. జయంతి, వర్ధంతి, శతజయంతి వంటి సందర్భాలను చూచి విడుదల చేస్తారు. ఇందుకు మినహాయింపులు లేకపోలేదు. 1958లో కార్వే మహాశయునికి, 1960లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారికి, 1967లో రాధాకృష్ణన్‌గారికి వారు జీవించి ఉండగానే ఈ గౌరవం దక్కింది. ఎవరి పేర బిళ్ళ రావాలో సూచించే అవకాశం సామాన్య పౌరునికి కూడా ఉన్నది. అట్టి సూచనలను ప్రభుత్వం నియమించిన సలహా సంఘం పరిశీలిస్తుంది.

రెండు పుటల లెక్క

1952 అక్టోబరు 1వ తేదీన మహాకవుల, భక్తుల పేర ఆరు బిళ్ళలు వచ్చాయి. వారు కబీరు, తులసీదాసు, మీరా, సూరదాసు, గాలిబ్, రవీంద్రనాథ ఠాగూరు. ఉర్దూకు గాలిబ్ రూపంలో గౌరవం దక్కింది. అది ఎంతో సముచితం. ఉత్తరాన్ని ఎదురెదురుగా కూర్చుండి మాట్లాడుకొనే సంభాషణగా మార్చినవాడు గాలిబ్. ఆయన లేఖలు ఉర్దూ వచనానికే వన్నె తెచ్చాయి. అట్టివాని ముఖం ఉత్తరాలపై ప్రయాణించడం కంటె తగిన సన్మానం మరేమున్నది? కాని ఆ ఆరుగురిలో దక్షిణాది కవి ఒక్కడూ లేడు. తిక్కన లేడు, వేమన లేడు, కంబడు లేడు, పంపడూ లేడు. ఈ లోపాన్ని దాచవలసిన అవసరం లేదు. బిళ్ళలలో ఉన్నవారిని చూచినట్లే లేనివారిని కూడా చూడటం చరిత్ర విద్యార్థి ధర్మం.

తరువాతి కాలంలో ఆ లోటు కొంత తీరింది. 1961 జనవరి 6న త్యాగరాజస్వామి, 1972లో వేమన, టంగుటూరి ప్రకాశం పంతులు బిళ్ళల కెక్కారు. 1975 ఏప్రిల్ 12న హైదరాబాదులో ప్రారంభమైన ప్రపంచ తెలుగు మహాసభలకు ఒక బిళ్ళ వచ్చింది. 1986లో అల్లూరి సీతారామరాజు, 2000లో పొట్టి శ్రీరాములు వచ్చారు. ఇది నా ఆల్బంలో ఒక పుట. 1966లో మౌలానా ఆజాద్, 1969లో రఫీ అహ్మద్ కిద్వాయి, జాకిర్ హుసేన్, మరల గాలిబ్, 1975లో అమీర్ ఖుస్రో, 1988లో ఇక్బాల్ — ఇది రెండవ పుట.

ఈ అమరికలో నాకు మొదటి చిక్కు 1969లో వెలువడిన ఉస్మానియా విశ్వవిద్యాలయ స్వర్ణోత్సవ బిళ్ళతో వచ్చింది. తెలుగు గడ్డపై వెలసి, ఉర్దూ మాధ్యమంలో వైద్యం మొదలు ఇంజనీరింగు వరకు బోధించిన విద్యాసంస్థ అది. దానిని ఏ పుటలో ఉంచాలి? త్యాగరాజస్వామి సంగతి కూడా అట్టిదే. ఆయన కృతులు తెలుగువి. ఆయన జీవించినది కావేరీ తీరాన తిరువయ్యారులో. ఆయన మా వాడని తమిళులు అంటే కాదనగలమా? నా పుటల నడుమ గీసుకొన్న గీత అప్పటికే చెదరసాగింది.

1974 జూలై 15

ఆ గీత పూర్తిగా చెరిగిపోయినది ఈ తేదీ వద్ద. ఆనాడు భారత తపాలా శాఖ మూడు బిళ్ళలను కలిపి విడుదల చేసింది. 25 పైసల బిళ్ళపై కందుకూరి వీరేశలింగం, 50 పైసల బిళ్ళపై టిపూ సుల్తాన్, ఒక రూపాయి బిళ్ళపై మాక్స్ ముల్లర్. రాజమహేంద్రవరపు పండితుడు, శ్రీరంగపట్టణపు సుల్తాను, ఆక్స్‌ఫర్డులోని జర్మను ఆచార్యుడు ఒకే రోజున ఒకే వరుసలో నిలిచారు.

ఈ ముగ్గురికీ సామ్యమేమిటి? వీరేశలింగంగారు 'వివేకవర్ధని' పత్రికను స్థాపించినది 1874లో. మాక్స్ ముల్లర్ సాయణ భాష్య సహితంగా ఋగ్వేదాన్ని ప్రకటించే బృహత్కార్యాన్ని 1849లో మొదలుపెట్టి ముగించినది కూడా 1874లోనే. టిపూ 1799 మే 4న కోట వాకిట పోరాడుతూ నేలకొరిగాడు. 1974 నాటికి నూట డెబ్బదియైదు సంవత్సరాలు నిండాయి. ఒకరు కలంతో సంఘంలోని దురాచారాలను ఎదిరించారు. ఒకరు కత్తితో పరపాలనను ఎదిరించారు. ఒకరు మన దేశంలో అడుగైనా పెట్టకుండానే మన ప్రాచీన గ్రంథాన్ని అచ్చులో నిలిపారు. టిపూ పాలనను గురించి చరిత్రకారులలో వాదోపవాదాలున్నాయి. బిళ్ళ వెలువడినంత మాత్రాన విచారణ ముగిసినట్లు కాదు. గౌరవించినవారిని గురించి కూడా నిజానిజాలు తెలుసుకోవలసిందే.

టిపూ మన ప్రాంతానికి పరాయివాడు కాడు. ఆయన తండ్రి హైదరాలీ 1782 డిసెంబరు 7న మన చిత్తూరు చెంతనున్న నరసింగరాయనిపేట శిబిరంలోనే కన్నుమూశాడు. కుమారుడు దూరాన మలబారు తీరంలో యుద్ధంలో ఉండగా, అతడు వచ్చే వరకు మరణవార్తను సేనలకు తెలియనీయక మంత్రులు కాపాడారు. అటువంటప్పుడు 50 పైసల బిళ్ళ నా రెండవ పుటకు, 25 పైసల బిళ్ళ మొదటి పుటకు విడివిడిగా వెళ్ళడం అర్థరహితమని తోచింది. ఆనాటినుండి మూడింటినీ ఒకే వరుసలో ఉంచాను.

మన ముంగిట ఉన్న చరిత్ర

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలతో సంబంధమున్న బిళ్ళలు కొన్ని కావు. తిరుపతి లూథరన్ మిషన్ పాఠశాలలో చదువుకొన్న బాలుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి కాగలిగాడు. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తికి 1987లో బిళ్ళ వచ్చింది. అదే మదనపల్లెలోని కళాశాలకు తన పేరునిచ్చిన అనీబిసెంటుకు 1963లో వచ్చింది. రవీంద్రుడు 1919లో ఆ కళాశాలలో బస చేసినప్పుడే 'జనగణమన'ను ఆంగ్లంలోనికి అనువదించాడు. తిరుమల ఆనందనిలయ విమానం 2002లోను, తాళ్ళపాక అన్నమాచార్యులు 2004లోను బిళ్ళలపై దర్శనమిచ్చారు.

వీటన్నిటిలోను నేను ప్రత్యేకించి పేర్కొనదలచినది 2002లో వెలువడిన ఆంధ్రప్రదేశ్ కోటల జంట బిళ్ళలను. ఒకటి గోలకొండ, రెండవది తిరుపతికి కూతవేటు దూరాన ఉన్న మన చంద్రగిరి. చంద్రగిరి విజయనగర రాజుల చివరి రాజధానులలో ఒకటి. 1646 ప్రాంతంలో ఆ కోటను జయించినది గోలకొండ సైన్యమే. నాటి శత్రువులు నేడు ఒకే విడుదలలో ఇరుగుపొరుగు బిళ్ళలైనారు. ఆ శత్రుత్వం కూడా సంపూర్ణ సత్యం కాదు. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులకు 'మల్కిభరాముడు'. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానము' ఆయనకే అంకితం. తొలి అచ్చ తెనుగు కావ్యమైన పొన్నెగంటి తెలగన 'యయాతి చరిత్రము'ను అంకితం పొందినవాడు అమీన్ ఖాన్. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద నేర్పే కళాశాలకు ఇంతకంటె మంచి వంశవృక్షం వేరొకటి లేదు.

బిళ్ళను చదవడం ఎట్లా?

బిళ్ళను కూడబెట్టడం వేరు, చదవడం వేరు. ప్రతి బిళ్ళనూ ఐదు ప్రశ్నలు అడగాలి. ఎవరిని గురించినది? ఏ సందర్భంలో వచ్చినది? ఎన్నడు విడుదలైనది? దానితోపాటు వచ్చినవి ఏవి? ఆ వరుసలో ఉండదగి లేనివారెవరు? ఈ ఐదింటికి సమాధానం వ్రాసుకొంటే ఒక చరిత్ర పాఠం సిద్ధమవుతుంది. కవరుపైనున్న బిళ్ళను గోటితో పెరకకూడదు. కొంత కాగితంతో సహా కత్తిరించి, చన్నీటిలో నానబెట్టి, దానంతట అది విడివడిన తరువాత నీడలో ఆరబెట్టాలి.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. చిన్ననాట మా మామూ కువైట్ నుండి నానీకి ఉర్దూలో ఉత్తరాలు వ్రాసేవారు. ఒకసారి మడత ఉత్తరం మీది బిళ్ళ కోసం నేను కత్తెర వేశాను. వెనుకవైపున్న రెండు పంక్తులు కూడా తెగిపోయాయి. ఆ ముక్క నీటిలో నానేసరికి సిరా కరిగిపోయింది. నేను చదివినది తెలుగు బడి. నాకు అప్పటికి ఉర్దూ అక్షరాలు రావు. ఆ పంక్తులలో కొడుకు తల్లికి ఏమి వ్రాశాడో ఎవరికీ తెలియలేదు. నానీ నన్ను కొట్టలేదు. "బిళ్ళ దొరికిందా బాబూ?" అని మాత్రం అడిగింది. ఆ తరువాతనే నేను ఉర్దూ లిపి నేర్చుకొన్నాను.

ముగింపు

నేడు ఉత్తరాలు వ్రాసేవారు తగ్గారు. రిజిస్టరు తపాలా కూడా 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కవరుపై బిళ్ళకు బదులు గీతల చీటీ అంటుకొంటున్నది. స్మారక బిళ్ళలు నేటికీ వెలువడుతున్నా, మన చేతికి వాటంతట అవి రావు. మనమే తపాలా కార్యాలయానికి వెళ్ళి అడగాలి. కనుక కళాశాల గ్రంథాలయంలో ఒక అద్దాల పెట్టె ఏర్పాటు చేసి, ప్రతి బిళ్ళ క్రింద తెలుగులోను ఉర్దూలోను వివరణ వ్రాయించవలసినదిగా కార్యవర్గమువారిని వినయపూర్వకంగా కోరుతున్నాను. తెలుగు విద్యార్థి టిపూను గురించి, ఉర్దూ విద్యార్థి వీరేశలింగాన్ని గురించి వ్రాస్తే మరీ మంచిది. నా ఆల్బమును ఆ పెట్టెకు తొలి కానుకగా ఇవ్వగలను.

ఇక ఆ విద్యార్థి ప్రశ్న. నాయనా, ఆ ఆల్బంలో మనవాళ్ళు ఎంతమంది అని అడిగావు. నేను రెండు పుటలు పెట్టి లెక్కించినప్పుడు చాలా కొద్దిమందే కనిపించారు. పుటలు కలిపిన తరువాత లెక్కించడం మానివేశాను. ఆల్బం గ్రంథాలయంలో ఉంటుంది. నీవే ఒకసారి మొదటినుండి చివరివరకు చూచి, మనవాడు కానివాడు ఎవడో నాకు చెప్పు.